బల్లార్షాకు పోయిన డిష్

ఆ ఆదివారం జబ్బార్ పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం నాలుగు గంటలకు టీవీ ముందు కూర్చుని కూతురి ఆట చూడాలి. అందుకోసం పది రోజుల ముందే సెలవు చీటీ రాసిచ్చాడు. మంచిర్యాల దగ్గర నస్పూర్ బొగ్గుగనిలో ల్యాంప్ రూం ఆయన డ్యూటీ. షిఫ్టుకు దిగే ప్రతి కార్మికుడి టోపీకి పెట్టుకునే దీపం ఆయన చేతి మీదుగానే పోతుంది. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో సెలవు అడిగింది తక్కువ. అందుకే యుమ్నా స్కూల్లో ఆడినా, కాలేజీలో ఆడినా, జిల్లా తరఫున ఆడినా తల్లి ఖుద్సియా చూసింది, కాలనీ అంతా చూసింది, తండ్రి మాత్రం చూడలేదు.

ఇప్పుడు యుమ్నా కరీంనగర్ జట్టులో ఉంది. ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌కు కొత్తగా మొదలైన లీగు అది, జీతాలిచ్చి ఆడిస్తారు. మొదటి నాలుగు ఆటల్లోనూ ఆమెను బెంచీ మీదే కూర్చోబెట్టారు. ఐదో ఆట కరీంనగర్ స్టేడియంలోనే, నాగపూర్ జట్టుతో. ఈసారి తప్పకుండా దింపుతానని కోచ్ మాటిచ్చింది. సంగతి వినగానే జబ్బార్ తాను బయలుదేరి వస్తానన్నాడు. తండ్రిని అబ్బా అని పిలిచే యుమ్నా ఫోన్లోనే వద్దన్నది.

"నువ్వు ఎదురుంగ కూసుంటే నా చేతులు వణుకుతయ్ అబ్బా. ఇంట్లనే టీవీల చూడు."

జబ్బార్ సరేనన్నాడు. మనసు కొంచెం చివుక్కుమన్నా, టీవీలో అయితే పిల్ల ముఖం దగ్గరగా కనిపిస్తుందని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. సర్దిచెప్పుకున్న ఉత్సాహంలో వీధినంతా ఇంటికి పిలిచాడు. ఖుద్సియా పొద్దున్నే బగారన్నానికీ దాల్చాకూ పొయ్యి వెలిగించింది. ల్యాంప్ రూంలో ఆయనతోపాటు పనిచేసే దశరథం కమ్యూనిటీ హాలు నుంచి ప్లాస్టిక్ కుర్చీలు భుజాన మోసుకొచ్చి వాకిట్లో వరుసగా వేశాడు.

పది గంటలకు జబ్బార్ ఒకసారి ఛానల్ సరిగ్గా వస్తుందో లేదో చూద్దామని టీవీ పెట్టాడు. సాయంత్రం ఆట గురించి ప్రకటన వస్తోంది. కింద చిన్న అక్షరాల్లో ఒక వరుస పాకుతోంది. అద్దాలు తెచ్చుకుని చదివాడు. కరీంనగర్, మంచిర్యాల, ఆ చుట్టుపక్కల జిల్లాల డిష్ చందాదారులకు ఈ ఆట ప్రసారం కాదట.

వెంటనే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాడు. ఎత్తిన అమ్మాయి చాలా మర్యాదగా విషయం వివరించింది. సొంత జట్టు ఆడే ఆటను ఆ ప్రాంతంలో డిష్‌లో చూపించరు, చూపిస్తే జనం స్టేడియానికి రారు కాబట్టి అది లీగు పెట్టిన నియమం. మా బిడ్డే నన్ను స్టేడియానికి రావద్దన్నదని జబ్బార్ చెప్పుకున్నాడు. ఆ అమ్మాయి తనకు చాలా బాధగా ఉందన్నది. వేరే ప్రాంతంలో ఉన్నవాళ్లకు వస్తుందా అని అడిగితే, వస్తుందన్నది. మన ప్రాంతం ఏదో డిష్‌కు ఎట్లా తెలుస్తుందని అడిగితే, మీరిచ్చిన అడ్రసును బట్టి అన్నది.

జబ్బార్ ఒక్క నిమిషం ఆలోచించాడు. చెల్లెలు అతియా ఇల్లు బల్లార్షాలో ఉంది. ఆసిఫాబాద్ మీదుగా రైల్లో పోతే రెండు గంటలు కూడా పట్టదు గానీ, రాష్ట్రం మహారాష్ట్ర. ఆ ఇంటి అడ్రసూ పిన్‌కోడూ చెప్పి, కనెక్షన్ అక్కడికి మార్చమన్నాడు. ఇల్లు మారుతున్నారా అని ఆ అమ్మాయి అడిగింది. అవునన్నాడు. అరగంటలో మారిపోతుందని చెప్పి ఫోన్ పెట్టేసింది. తన తెలివికి తానే మురిసిపోతూ జబ్బార్ గడ్డం గీసుకోవడానికి వెళ్లాడు.

ఆ డిష్ కనెక్షన్‌కు ఇచ్చిన నంబరు ఖుద్సియాది. ఉల్లిగడ్డలు వేయిస్తుండగా ఆమె ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. బల్లార్షాలోని మీ కొత్త ఇంటికి మా శుభాకాంక్షలు అని అందులో ఉంది. ఆమె రెండుసార్లు చదివింది. జబ్బార్ రిటైర్ కావడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి. అప్పుడు బల్లార్షాకే వచ్చి ఉండమని అతియా మూడేళ్లుగా చెప్తూనే ఉంది. అంటే ఆయన సరేనన్నాడు, ఇల్లు కూడా చూసేశాడు, తనకు మాత్రం చెప్పలేదు. ఖుద్సియా మొగుణ్ని ఏమీ అడగలేదు. ఉల్లిగడ్డలు మాడిపోతున్నా కదలకుండా నిలబడింది.

వాసనకు పక్కింటి శంకరవ్వ లోపలికి వచ్చింది. ఆమె అడగటమే ఆలస్యం, ఖుద్సియా ఫోన్ చూపించింది. శంకరవ్వకు చదువు రాదు గానీ విన్నది చెప్పడం బాగా వచ్చు. పదకొండు గంటలకల్లా జబ్బార్ వాళ్లు కాలనీ విడిచిపోతున్నారని వీధి చివరి దాకా తెలిసిపోయింది.

మొదట సంపత్ వచ్చాడు. గనిలో ఎలక్ట్రిషియన్, చిన్న క్వార్టర్లో ఇరుక్కుని ఉన్నాడు. జామచెట్టు ఉన్న ఈ మూల క్వార్టర్ మీద అతనికి ఎప్పటినుంచో కన్ను.

"ఎప్పుడు అన్నా?" అన్నాడు గొంతు తగ్గించి.

"నాలుగింటికి."

"ఇయ్యాల్నేనా?"

"మరి? జర ముందుగాల్నే రా. తర్వాత జాగ దొరకది."

సంపత్ ఇంటికి పరుగెత్తి టేపు పట్టుకొచ్చాడు. హాలు పొడవు కొలిచాడు, పడకగది గోడ కొలిచాడు, తన బీరువా ఏ మూలకు పడుతుందో చూసుకున్నాడు. జనాన్ని ఎట్లా కూర్చోబెట్టాలో లెక్క చూస్తున్నాడనుకుని జబ్బార్ టేపు రెండో కొస పట్టుకున్నాడు. అంతలో మహారాష్ట్ర సరిహద్దులోని ఆదిలాబాద్ పల్లె నుంచి ఆ వీధికి కోడలిగా వచ్చిన గంగుబాయి వంటింట్లోకి పోయి, బగారన్నం ఉడుకుతున్న పెద్ద గిన్నె మీద చెయ్యి వేసి, ఇది ఖాళీ అయితే నాకియ్యండని అడిగింది. మిగిలిన అన్నం కోసం అనుకుని, అందరూ తిన్నాక గిన్నెతో సహా పట్టుకుపొమ్మని జబ్బార్ చెప్పాడు. ఖుద్సియా కళ్లు తుడుచుకుంది. అది పొయ్యి పొగ అనుకున్నాడాయన.

దశరథం మాత్రం పొద్దున వేసిన కుర్చీలను మళ్లీ ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు. ఎందుకని జబ్బార్ అడిగితే తల ఎత్తకుండా అన్నాడు.

"ఇరువై ఏండ్లు ఒక్క కిటికి కాడ నిలవడి దీపాలిచ్చినం. నాకు ఒక్క మాట చెప్పలే నువ్వు."

ప్రసారం రాదన్న సంగతి దశరథానికి ఎట్లా తెలిసిందో జబ్బార్‌కు అర్థం కాలేదు.

"చెప్తే నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే. ఫికర్ చెయ్యకు. నేనే ఫోన్ చేసి మార్పిచ్చిన."

అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? దశరథం నాలుగు కుర్చీలు నెత్తిన పెట్టుకుని గేటు దాటిపోయాడు.

పన్నెండున్నరకు జనం భోజనాలకు వచ్చారు. రమ్మన్న పిలుపుకంటే వెళ్లిపోతున్నారన్న కబురు బలమైనది కాబట్టి అనుకున్నదానికంటే ఎక్కువ మందే వచ్చారు. దశరథం కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆట కోసం ఇంత మంది వచ్చి కూడా ఒక్కరూ నవ్వకపోవడం జబ్బార్‌కు వింతగా తోచింది. వాతావరణం తేలిక పడుతుందని టీవీ పెట్టాడు. డిష్ అప్పటికే మహారాష్ట్రకు చేరుకుంది. వార్తలు మరాఠీ, సీరియళ్లు మరాఠీ, సబ్బు ప్రకటన కూడా మరాఠీ. ఆట ఛానల్ పెట్టాడు. కింద మళ్లీ ఒక వరుస పాకుతోంది. మరాఠీ వచ్చిన గంగుబాయి వడ్డిస్తున్న గిన్నె పక్కనుంచే చదివింది.

"నాగపూర్ టీం ఆడుతుందని నాగపూర్, చంద్రపూర్ జిల్లాలల్ల సుత మ్యాచ్ చూపియ్యరంట."

బల్లార్షా ఉన్నది చంద్రపూర్ జిల్లాలోనే. జబ్బార్ కుర్చీలో కూలబడ్డాడు.

"మరి నేను బల్లార్షాకు ఎందుకు మారినట్టు?"

ఖుద్సియా వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. పొద్దుటి నుంచి పట్టుకున్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"గదే నేను అడుగుతున్న. నాకు చెప్పకుంట ఇల్లెట్ల చూసినవ్?"

ఫోన్ ఆయన ముఖం ముందు పెట్టింది. జబ్బార్ చదివాడు. తర్వాత గుమ్మంలో దశరథాన్నీ, గిన్నె పక్కన గంగుబాయినీ, టేపుతో సంపత్‌నూ వరుసగా చూశాడు. ఒక్కొక్కటే అర్థమైంది.

"ఇల్లు ఏడికి పోలే," అన్నాడు. "డిష్ ఒక్కటే పోయింది."

మొత్తం కథ ఆయన మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. చెప్పడం అయ్యేసరికి సంపత్ టేపు జేబులో దోపుకున్నాడు, గంగుబాయి గిన్నె మీంచి చెయ్యి తీసింది. దశరథం చప్పుడు కాకుండా పోయి నాలుగు కుర్చీలూ తెచ్చి వేశాడు. ఖుద్సియా నవ్వాలో తిట్టాలో తెలియక ఆయన కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

ఇంత జరిగినా ఆట మాత్రం కనిపించేటట్టు లేదు. పోదాం పదండి, కరీంనగర్‌కే పోదామని సంపత్ అన్నాడు. అతని బామ్మర్ది పెళ్లిళ్లకు తిప్పే మినీ బస్సు ఆ రోజు ఖాళీగా ఉంది. పొద్దున గోడలు కొలిచిన సిగ్గు కొంచెం అట్లా తీర్చుకుందామనుకున్నాడేమో. జబ్బార్ ఒప్పుకోలేదు. పిల్లకు మాటిచ్చానన్నాడు. శంకరవ్వ ఆ చిక్కు విప్పింది.

"బిడ్డె రావద్దన్నది నిన్ను. మమ్మల్ని అనలే. మేం పోతం. నువ్వు మా ఎనుక కూసో."

ఒంటిగంటన్నరకు బస్సు కదిలింది. బగారన్నం గిన్నె వెనక సీటులో కూర్చుంది. మూడున్నరకు స్టేడియం దగ్గర దిగేసరికి టికెట్ కిటికీలో ఇరవై ఆరు టికెట్లే మిగిలి ఉన్నాయి. వీళ్లు ఇరవై తొమ్మిది మంది. ముగ్గురు చిన్నపిల్లలు ఒళ్లో కూర్చుంటే సరిపోయింది. ఆఖరి టికెట్ చించి ఇస్తూ కిటికీలో ఉన్న మనిషి సంతోషంగా జబ్బార్ చెయ్యి పట్టుకున్నాడు. స్టేడియం పూర్తిగా నిండితే ప్రసారం ఆపకూడదని కూడా నియమం ఉందట.

"మీ పుణ్యాన నిండింది సార్. ఇగ అందరూ ఇంట్లనే కూసోని చూడొచ్చు."

జబ్బార్ గడియారం చూసుకున్నాడు. ఇంటికి పోయేసరికి ఆట అయిపోతుంది. లోపలికి నడిచాడు.

ఆఖరి వరుసలో దశరథం వెనక కూర్చున్నాడు. దశరథం లావు మనిషి గానీ, ఆట చూస్తూ అటూ ఇటూ ఊగే మనిషి. అందుకని శంకరవ్వ తన ఆకుపచ్చ చీర కొంగు జబ్బార్ తల మీదుగా కప్పింది. మూడో భాగంలో యుమ్నాను దింపారు. పద్నాలుగో నంబరు. మొదటిసారి బంతి చేతికి రాగానే జారవిడిచింది. రెండోసారి తొందరపడి ఎదుటి జట్టుకే ఇచ్చేసింది. కొంగు లోపల జబ్బార్ దువా చదువుకున్నాడు. తన కళ్లు పడి పిల్లకు అట్లా అవుతోందేమోనని ఒకసారి కళ్లు కూడా మూసుకున్నాడు.

తర్వాత నాగపూర్ పిల్ల ఒకతె యుమ్నాను తోసింది. ఎవరూ అడ్డం రాకుండా గీత దగ్గర నిలబడి రెండుసార్లు బంతి వేసే అవకాశం వచ్చింది. స్టేడియం నిశ్శబ్దమైంది. అప్పుడే కెమెరా మనిషికి ఆఖరి వరుస నచ్చింది. పైన వేలాడుతున్న పెద్ద తెర మీద ఆకుపచ్చ కొంగులోంచి తొంగిచూస్తున్న ఒక మగమనిషి ముఖం కనిపించింది. జనం నవ్వారు. యుమ్నా తల ఎత్తి తెర వంక చూసింది. తండ్రిని గుర్తుపట్టింది. నడుం మీద చెయ్యి వేసుకుని ఒక్క క్షణం నిలబడి, తనూ నవ్వేసింది. మొదటి బంతి రింగు చుట్టూ తిరిగి తిరిగి లోపల పడింది. రెండోది దేన్నీ తాకకుండా దిగింది. జబ్బార్ ఎగిరి నిలబడ్డాడు. కొంగుతోపాటు శంకరవ్వ కూడా లేవాల్సి వచ్చింది.

ఆట అయ్యాక యుమ్నా బస్సు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. తల్లి చేతి బగారన్నం నిలబడే తిన్నది.

"టీవీల చూడుమంటే నువ్వే టీవీల వడ్డవ్ గద అబ్బా."

"చేతులు వణికినయా బేటా?"

"వణికినయ్. నిన్ను గట్ల చూసినంక నవ్వొచ్చి ఆగినయ్." నోట్లో ముద్ద మింగి అన్నది. "మళ్ల మ్యాచ్‌కు గూడ రా. కొంగు వద్దు."

అంతలో బల్లార్షా నుంచి అతియా ఫోన్ చేసింది. ఆట టీవీలో చక్కగా వచ్చిందని, యుమ్నా బాగా ఆడిందని చెప్పి, ఆకుపచ్చ చీర కట్టుకున్న ముసలామె ఒకతె అచ్చం అన్నలాగే ఉందని కూడా చెప్పింది. జబ్బార్ ఆ సంగతి సరిదిద్దలేదు.

తిరుగుదారిలో బస్సంతా ఆ రెండు బంతుల ముచ్చటే. ఒకరు చెప్పింది అయిపోగానే ఇంకొకరు మొదటి నుంచి చెప్పారు. జబ్బార్ కిటికీ పక్కన కూర్చుని అన్నీ విన్నాడు, ఖుద్సియా ఆయన భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. కరీంనగర్ జట్టు పద్దెనిమిది పాయింట్ల తేడాతో ఓడిపోయిందని మరునాడు పేపర్లో చూసి తెలుసుకున్నారు.