వేరుతో సహా

ఆ పొద్దున డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. మావగారు వస్తారు, కుర్చీలో పడుకుంటారు, పన్ను ఊడి వస్తుంది, ఇద్దరూ కలిసి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్తారు. ఇంత సులువైన పథకం చెడిపోవడానికి వీలే లేదని అతని గట్టి నమ్మకం. చెడిపోయిన పథకాలన్నిటి వెనకా ఇలాంటి నమ్మకమే ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా, పూర్తిగా వినేంతసేపు అతను ఒకచోట నిలబడడు.

అతను పళ్ళ డాక్టరు. చెయ్యి మంచిదే, నిలకడే లేదు. లిఫ్టు బటన్ నొక్కి, అది వచ్చేలోగా మెట్లెక్కి వెళ్ళిపోయే రకం. వీధి వీధంతా అతన్ని ‘తక్షణం డాక్టరు’ అంటుంది. వైద్యంలో అతనిది ఒకటే సిద్ధాంతం: అనుమానం ఉంటే పీకెయ్యాలి, పీకితే వేరుతో సహా పీకెయ్యాలి. ముందు మత్తు ఇంజక్షను ఇచ్చేసి, అది ఎక్కేలోగా ఎక్స్‌రే చూసుకోవడం అతని పద్ధతి. అందువల్ల కాలం కలిసొస్తుందంటాడు. కలిసొచ్చిన కాలాన్ని ఏం చేసుకుంటున్నాడో ఎవరికీ తెలియదు.

మావగారికి అల్లుడి సంగతి బాగా తెలుసు. అందుకే సొంత అల్లుడు ఆసుపత్రి పెట్టుకుని కూర్చున్నా, ఇన్నేళ్ళూ ఆయన వీధి చివరనున్న మరో పళ్ళ డాక్టరు దగ్గరికే వెళ్ళేవారు. ఆ వెళ్ళడం కూడా అల్లుడి గుమ్మం ముందు నుంచే. డాక్టరుకి అది ఏ పంటి నొప్పికీ తీసిపోని నొప్పి. ఇప్పుడా వీధి చివరి డాక్టరు సెలవు పెట్టి ఎక్కడికో వెళ్ళాడు. మావగారి దవడ రెండు రోజులుగా సలుపుతోంది. వేరే గతి లేక వస్తున్నారు. ఈ ఒక్క పన్ను సవ్యంగా వస్తే అత్తవారి వైపు నోళ్ళన్నీ తన దగ్గరికే వస్తాయి. రాకపోతే ఆ నోళ్ళన్నీ తన గురించే మాట్లాడతాయి.

మావగారు వచ్చారు. నోట్లోంచి పళ్ళు కుట్టుకునే పుల్ల తీసి జేబులో పెట్టుకున్నారు. ఆ పుల్ల లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు.

“తొందరేం లేదు అల్లుడుగారూ, నిదానంగా చూడండి,” అన్నారు, కుర్చీలో జాగ్రత్తగా వాలుతూ.

“నిదానమే మావయ్యగారూ,” అంటూనే డాక్టరు ఇంజక్షను ఇచ్చేశాడు.

ఎక్స్‌రే తీశాడు. బొమ్మ కంప్యూటర్ తెర మీదికి వచ్చింది. దాంతోపాటే చిన్న పెట్టె ఒకటి వచ్చి, సరిగ్గా నొప్పి ఉన్న పన్ను మీద కూర్చుంది. ‘ఈ ఎక్స్‌రే ప్రోగ్రాముకు కొత్త వెర్షన్ వచ్చింది’ అని దాని సమాచారం. కింద రెండు బటన్లు: ‘ఇప్పుడే’, ‘తర్వాత’. డాక్టరు జీవితంలో ‘తర్వాత’ అనే మాటకి చోటు లేదు గనక ‘ఇప్పుడే’ నొక్కాడు. కుదరలేదంటూ పెట్టె మళ్ళీ వచ్చింది. మూల ఉన్న గుర్తు నొక్కి మూసేశాడు. మళ్ళీ వచ్చింది. పక్కకి లాగబోయాడు. కదల్లేదు.

“సార్, కంపెనీ వాళ్ళకి ఫోన్ చేద్దామా?” అంది రిసెప్షన్ అమ్మాయి తలుపు దగ్గర నుంచి.

“వాళ్ళు ఫోన్ ఎత్తేసరికి మావయ్యగారికి మత్తు దిగిపోతుంది. దీన్ని తీసేసి మళ్ళీ వేస్తే సరి. పాడైన పన్ను తీసి కొత్తది కట్టమా? ఇదీ అంతే!”

అతని గొంతు పెరిగింది. సార్ గొంతు పెరిగినప్పుడల్లా పేషెంటు చేతికి నీళ్ళ గ్లాసు ఇవ్వడం ఆ అమ్మాయి అలవాటు. ఎందుకో తనకీ తెలియదు గానీ, దానివల్ల గదిలో ఒక్కరైనా ఏదో ఒక పనిలో ఉంటారు. “పుక్కిలించండి సార్,” అంటూ గ్లాసు అందించింది. మొద్దుబారిన మూతితో మావగారు పుక్కిలించి, సగం తొట్టెలో, సగం చొక్కా మీద ఉమ్మారు.

డాక్టరు అన్‌ఇన్‌స్టాల్ నొక్కాడు. ఆకుపచ్చ గీత చకచకా సాగి, చివరికంటా వచ్చి, ఆగిపోయింది. ‘ప్రోగ్రాము వాడకంలో ఉంది, ముందు మూసివేయండి’ అంది కంప్యూటర్. వాడకంలో ఉన్నది మావగారి దవడ బొమ్మే. అది మూసి కాసేపు ఆగితే పోయేది. ఆగడం అతని వల్ల కాని పని గనక టాస్క్ మేనేజర్ తెరిచి, ఆ ప్రోగ్రాముని మెడ పట్టి గెంటేశాడు. గీత మాయమైంది, బొమ్మ మాయమైంది, ప్రోగ్రాము తెరుచుకోవడం మానేసింది. కానీ దాని గుర్తు మాత్రం ఏమీ ఎరగనట్టు తెర మీదే కూర్చుంది.

సరే, మళ్ళీ వేద్దామని ఇన్‌స్టాల్ నొక్కాడు. ‘పాత వెర్షన్ ఇంకా ఉంది. ముందు దాన్ని తీసివేయండి’ అంది. తీసెయ్యబోయాడు. ‘తీసివేయడానికి కావలసిన ఫైలు లేదు. ముందు ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేయండి’ అంది. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదన్నట్టుంది వ్యవహారం. రీస్టార్ట్ చేశాడు. కంప్యూటర్‌కి అప్పుడే తన సొంత అప్‌డేట్లు గుర్తొచ్చాయి. ‘దయచేసి ఆపివేయకండి’ అని వేడుకుంటూ తెర మీద చుక్కలు గుండ్రంగా తిరిగాయి. గదిలో డాక్టరూ వాటితో పాటే తిరిగాడు.

“ఊఁ, ఊఁ,” అన్నారు మావగారు, వేలితో చిగురు చూపిస్తూ.

“నొప్పి నాకు తెలుసు మావయ్యగారూ. ఒక్క నిమిషం!”

“పుక్కిలించండి సార్,” అంది అమ్మాయి.

చుక్కలు ఆగాక డాక్టరు ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇది మామూలుగా ఊడేది కాదు, వేరు లోపల ఉండిపోయింది. ఒక వేరుంటే పక్కన ఇంకో నాలుగుంటాయి. ప్రోగ్రాముల జాబితా తీసి తేదీలు చూశాడు. ఎక్స్‌రే ప్రోగ్రాము వేసిన రోజునే వేసినవి ఇంకా చాలా ఉన్నాయి. ఒకే రోజు మొలిచాయంటే అన్నీ ఒకే పంటి వేళ్ళని తేల్చుకున్నాడు. ఆసుపత్రి తెరిచిన రోజున కంపెనీ మనిషి వచ్చి, అన్నీ ఒకే పూటలో వేసి వెళ్ళాడన్న సంగతి ఆ క్షణాన అతనికి తట్టలేదు. ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు. మొదట ప్రింటర్ పోయింది. తర్వాత ఇంటర్నెట్ పోయింది. ఆ తర్వాత పోయింది టోకెన్ బోర్డు ప్రోగ్రాము.

ఆ బోర్డు బయట హాల్లో గోడకి ఉంటుంది. కంప్యూటర్ తోడు పోయేసరికి దానికి దిక్కు తోచక, గంట కొడుతూ ఒకటో నంబరు నుంచి తనే పిలవడం మొదలుపెట్టింది. టింగ్, ఒకటి. టింగ్, రెండు. టింగ్, మూడు. కూర్చున్నవాళ్ళందరూ లేచి తలుపు మీద పడ్డారు. తోపులాటకి తలుపు తెరుచుకుంది.

లోపలి దృశ్యం చూసి అందరూ ఆగిపోయారు. కుర్చీలో పెద్దాయన. మూతి ఒక పక్కకి వేలాడుతోంది, చొక్కా తడిసి ముద్దైంది. డాక్టరు బల్ల కింద దూరి కంప్యూటర్ తీగలు లాగుతూ అరుస్తున్నాడు: “సగమే వచ్చింది! మిగతా సగం లోపలే ఉండిపోయింది! దీని అంతు చూడందే వదల్ను!”

ఆ జనంలో డాక్టరు పక్కింటావిడ ఉంది. ఇంకెవరైనా అయితే తిరిగి వెళ్ళి కుర్చీలో కూర్చునేవారు. ఆవిడ ఫోన్ తీసి డాక్టరు భార్యకి చెప్పేసి, తన పన్ను తన దగ్గరే ఉంచుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆవిడ వెనకే మిగతావాళ్ళూ నడిచారు. ఖాళీ హాల్లో బోర్డు మాత్రం పట్టుదలగా పిలుస్తూనే ఉంది.

ఇక తప్పక డాక్టరు కంపెనీకి ఫోన్ చేశాడు. చాలాసేపు సంగీతం వినిపించాక, తాపీ గొంతు ఒకటి పలికింది.

“నమస్కారమండీ. మీ సమస్యని ప్రశాంతంగా చెప్పండి.”

“ప్రశాంతంగానా? ఇక్కడ మా మావగారు కుర్చీలో ఉన్నారయ్యా!”

“మంచిదండి. ఏ వెర్షన్ అండీ?”

“డెబ్భై దాటిన వెర్షన్! మత్తు దిగిపోతోంది, త్వరగా చెప్పు!”

అవతలి మనిషి కంగారుపడలేదు. జరిగిందంతా మొదటి నుంచి చెప్పించుకున్నాడు. చివర్లో అడిగాడు: “ఆ పెట్టెలో ‘తర్వాత’ అనే బటన్ కనబడిందాండీ?”

“కనబడింది.”

“అది నొక్కితే వారం దాకా మళ్ళీ రాదండీ. ప్రోగ్రాము బాగానే ఉందండీ. తియ్యక్కర్లేదు.”

డాక్టరు బల్ల ముందు కూర్చున్నాడు. అది ఆ రోజుకి మొదటిసారి. “సరే, తీసేశాను. ఇప్పుడేం చెయ్యను?” అన్నాడు.

“సగం తీసినవాటిని శుభ్రం చెయ్యడానికి మా దగ్గర చిన్న టూల్ ఉందండీ. ఇంటర్నెట్‌లో ఇస్తాం.”

“ఇంటర్నెట్ పీకేశాను.”

అటు నుంచి చిన్న నిట్టూర్పు. “అయితే మీ ఫోన్లోకి పంపిస్తాను, కేబుల్ పెట్టి ఎక్కించుకోండి. అది నడుస్తున్నంతసేపూ మీరు ఒక్క పని చెయ్యాలండీ.”

“ఏమిటి?”

“దేన్నీ ముట్టుకోకూడదు.”

డాక్టరు జీవితంలో అంత కష్టమైన వైద్యం చెయ్యలేదు. టూల్ నడుస్తోంది. అతను చేతులు రెండూ చంకల్లో ఇరికించుకుని తెర వంక చూస్తూ కూర్చున్నాడు. కాలు మాత్రం బల్ల కింద కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఆడుతోంది. మత్తు దిగి మావగారు ఏ క్షణాన నొప్పితో అరుస్తారోనని అతని భయం. లేచి వెళ్ళిపోతారు. ఇక జన్మలో ఈ గుమ్మం తొక్కరు. తొక్కకపోగా, దీని ముందు నుంచే నడిచి ఆ వీధి చివరికి వెళ్తారు.

మావగారు మరోసారి పుక్కిలించారు. తొట్టెలోకి వంగి ఏదో చూశారు. వేలు పైకెత్తి “ఊఁ” అన్నారు.

“అయిపోవచ్చింది మావయ్యగారూ, కాస్త ఓర్చుకోండి,” అన్నాడు డాక్టరు తల తిప్పకుండా.

అప్పుడే అతని భార్య సుడిగాలిలా వచ్చిపడింది. “నాన్నా! ఏదీ, దవడ చూపించు! ఏమండీ, సగం లోపలే ఉండిపోయిందటగా?”

“లోపల ఉండిపోయింది పన్ను కాదు, సాఫ్ట్‌వేరు!”

“మా నాన్న నోట్లో సాఫ్ట్‌వేరు ఎందుకు పెట్టారండీ?”

“పుక్కిలించండి మేడమ్,” అంటూ రిసెప్షన్ అమ్మాయి ఆవిడ చేతికీ గ్లాసిచ్చింది.

ఆ గొడవలోనే టూల్ పని ముగించింది. డాక్టరు ఇన్‌స్టాల్ నొక్కాడు. ఈసారి కంప్యూటర్ ఏ అభ్యంతరమూ చెప్పలేదు. ప్రోగ్రాము తెరుచుకుంది. పోయిందనుకున్న మావగారి దవడ బొమ్మ చెక్కుచెదరకుండా తిరిగొచ్చింది. దాని మీద, సరిగ్గా ఆ పన్ను మీదే, మళ్ళీ ఆ పెట్టె. గదిలో అందరూ డాక్టరు చేతి వంకే చూశారు. ఆ చెయ్యి ఒకసారి ‘ఇప్పుడే’ వైపు వెళ్ళబోయి, ఆగి, మెల్లగా ‘తర్వాత’ మీద వాలింది.

పెట్టె తప్పుకుంది. కింద పన్ను కనబడింది. రాయిలాంటి పన్ను. వేరు దగ్గర చీము లేదు, పగులు లేదు, మచ్చ లేదు. ఆ పెట్టె అడ్డం రాకుండా ఉంటే తను దీన్ని ఓ కంట చూసి, ఇంజక్షను వృథా పోకూడదని పీకి పక్కన పెట్టేసేవాడని డాక్టరుకి తెలుసు.

“పన్ను... బాగానే ఉంది మావయ్యగారూ,” అన్నాడు మెల్లగా.

“ఉండదా మరి!” అన్నారు మావగారు. మత్తు దిగింది, మాట తిరిగొచ్చింది. అరచెయ్యి చాపారు. అందులో చిన్న పుల్ల ముక్క ఉంది, పళ్ళు కుట్టుకునే పుల్ల కొస. “చిగుట్లో విరిగి ఇరుక్కుంది. ఆ అమ్మాయి పుక్కిలించమనీ పుక్కిలించమనీ బయటికి రప్పించింది. ఇదిగో ఇదిగో అంటే ఒక్కరూ వినరే! నొప్పి పోయింది.”

డాక్టరు నేల చూపులు చూశాడు. ఇక తిట్ల వడ్డన మొదలవుతుందని భార్య కూడా కళ్ళు మూసుకుంది.

“ఏమ్మా,” అన్నారు మావగారు కూతురితో, “మీ ఆయన్ని తొందర మనిషంటారేం అందరూ? నేను వెల్లకిలా పడుకుని అంతా వింటూనే ఉన్నాను. పూటంతా ఆ కంప్యూటర్‌తో కుస్తీ పట్టాడు గానీ, బొమ్మ సరిగ్గా కనబడేదాకా నా పంటి మీద చెయ్యి వెయ్యలేదు. బయట పేషెంట్లు అంతమందీ వెళ్ళిపోయినా చలించలేదు. ఆ వీధి చివరి డాక్టరైతేనా, ఈపాటికి పీకి నా చేతిలో పెట్టేవాడు. ఇంత నిదానస్తుణ్ణి నేనెక్కడా చూళ్ళేదు.” అల్లుడి భుజం తట్టారు. “ఇన్నాళ్ళూ మీ గుమ్మం దాటి వెళ్ళాను అల్లుడుగారూ. పొరపాటు నాదే.”

డాక్టరుకి నిజం చెప్పేద్దామనిపించింది. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట విని, కళ్ళలో నీళ్ళు తిరిగి, చెప్పలేకపోయాడు. భార్య అతన్ని ఎగాదిగా చూసి, నాన్నని మరోసారి చూసి, గ్లాసులోని నీళ్ళు గటగటా తాగేసింది. బోర్డు బయట ఇంకో నంబరు పిలిచింది.

ఆ వారం నుంచి మావగారితో పొద్దున్నే నడకకి వెళ్ళే పెద్దలు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. అందరూ కుర్చీలో వాలి, “మాకేం తొందర లేదు డాక్టరుగారూ, ముందు మీరు ఆ కంప్యూటర్ ముందు కాసేపు కూర్చోండి” అనేవాళ్ళే. కూర్చోకపోతే ఒప్పుకోరు. తెర మీద చూడ్డానికి ఏమీ లేకపోయినా డాక్టరు చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుంటాడు, బల్ల కింద కాలు ఆడిస్తూ.

వీధిలో ఇప్పుడతన్ని ‘తర్వాత డాక్టరు’ అంటున్నారు.