టౌరంగాలో కాకి

శనివారం పొద్దున్నే బయలుదేరి టౌరంగా వెళ్ళాలి, సముద్రం చూడాలి, కొండెక్కాలి, చేపా చిప్సూ తినాలి, చీకటి పడేలోగా హామిల్టన్ వచ్చెయ్యాలి. మహిధర్ వేసుకున్న పథకం ఇంతే. చదువుకోడానికి న్యూజిలాండ్ వచ్చి పద్నాలుగు నెలలైనా అతను ఇంకా సముద్రం మొహం చూడలేదు. చుట్టూ నీళ్ళున్న దేశంలో ఇది పట్టుబట్టి చేస్తే గాని సాధ్యం కాదు. ఈలోగా ఊళ్ళో మేనత్త సావిత్రి పోయింది. ప్రయాణం మానుకుంటానంటే ఫ్లాట్‌లో తోడుండే లోకేశ్ ఒప్పుకోలేదు. పన్నెండు రోజులుగా గోడకేసి చూస్తున్నావు, ఒక్కరోజు నీళ్ళకేసి చూడు అన్నాడు. అన్నవాడు మాత్రం పది దాటాక నిద్ర లేచాడు.

కారెక్కబోతుంటే మహిధర్ తండ్రి సుబ్బారావు దగ్గర్నుంచి ఫోనొచ్చింది. అక్కడ తెల్లవారుజాము నాలుగు.

"నిన్న పెద్దకర్మ చేశాంరా. కాకి ముట్టలేదు," అన్నాడు సుబ్బారావు.

ఆకులో అన్నం పెట్టి గోడ మీద ఉంచారు. కాకి వచ్చింది. గోడ మీద కూచుంది. ఆకును చూసింది, సుబ్బారావును చూసింది, వెళ్ళిపోయింది. పొద్దుగూకేదాకా నిలబడ్డారు. మళ్ళీ రాలేదు. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళ మనసులో ఏదో మిగిలిపోయినట్టు. ఏం మిగిలిందో సుబ్బారావుకు తెలుసు. నాలుగేళ్ళ కిందట అక్క ఊళ్ళో లేనప్పుడు, తమ రెండిళ్ళ మధ్యా వంగిన మునగచెట్టును ఆయన కొట్టించాడు. తిరిగొచ్చి నరికిన మొదలు చూసుకుని ఆమె ఏమీ అనలేదు. ఆ తర్వాత కూడా ఏమీ అనలేదు. సందుకు అటువైపు ఆమె కుట్టుమిషను చప్పుడు వినడమే తప్ప, తమ్ముడికి అక్క గొంతు మళ్ళీ వినపడలేదు.

"నా చేతిది అది ముట్టదురా. నాలుగేళ్ళు మనింట్లో మంచినీళ్ళు ముట్టనిది ఇప్పుడు అన్నం ముడుతుందా. నువ్వు పెట్టు. తల్లి లేనివాడివని నిన్ను పెంచింది. నీది కాదనదు."

అది ముట్టేదాకా తను మెతుకు ముట్టనని కూడా చెప్పాడు. నిన్న పొద్దుటి నుంచి ఏమీ తినలేదట. సుగరు మాత్ర వేసుకున్నావా అని మహిధర్ అడిగితే, "అన్నం తిన్నాక కదరా వేసుకునేది," అన్నాడు.

మహిధర్ అలాగే పెడతానని మాట ఇచ్చాడు. ఫోను జేబులో పెట్టుకున్నాక ఆలోచించాడు. పద్నాలుగు నెలల్లో ఒక్క కాకిని చూసిన గుర్తు లేదు. లోకేశ్ వచ్చి నాలుగేళ్ళయింది. అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చాలాసేపు ఆలోచించి, తనకూ గుర్తు లేదన్నాడు. ఉన్నప్పుడు ఎవరూ చూడని పక్షి కాబట్టి, లేనప్పుడు కూడా ఎవరూ గమనించలేదు.

లోకేశ్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు. కర్మకు కాకి కావాలి, టౌరంగా వైపు ఎవరైనా చూశారా, అర్జెంట్. కారు కైమాయ్ కొండ దాటేసరికి నలభై ఒక్క జవాబులొచ్చాయి. ఒకరు మెడలో తెల్ల కుచ్చున్న నల్లపిట్ట ఫొటో పంపి ఇది సరిపోతుందా అన్నారు. ఇంకొకరు జూకి ఫోను చెయ్యమన్నారు. బయటి నుంచి పక్షుల్ని తెప్పిస్తే వీసా పోతుందని ఒక విద్యార్థి హెచ్చరించాడు. మెసేజ్ సగమే చదివినాయన ఒకరు, కాకి కుటుంబానికి తన సానుభూతి తెలియజేశాడు.

నలభై రెండోది వీరభద్రం దగ్గర్నుంచి వచ్చింది. ఆయన కూడా ఒకప్పుడు విద్యార్థిగా వచ్చినవాడే. ఇప్పుడు టౌరంగాలో కివీపళ్ళు పెట్టెల్లో సర్దే ప్యాక్‌హౌస్‌లో సూపర్‌వైజరు. "మా ఇంటి వెనకే ఉంది. రోజూ పొద్దున ఆరింటికి అరుస్తుంది. వచ్చెయ్యండి. వంట మీ ఆంటీ చేస్తుంది," అని రాశాడు.

వాళ్ళు ఊళ్ళోకి దిగేసరికి ఒంటిగంట. దూరంగా రేవు క్రేన్లు కనిపించాయి. సముద్రం వాటి వెనకాల ఉంటుంది, వచ్చేటప్పుడు చూద్దాం అన్నాడు లోకేశ్. వీరభద్రం ఇంటి వీధిలో కారు పెట్టడానికి చోటు లేదు. ఏదో పెళ్ళిలాగుంది అనుకున్నారు. ఇంట్లోకి వెళ్ళాక తెలిసింది, ఆ కార్లన్నీ కాకి కోసం వచ్చినవి.

వీరభద్రం రాసింది మహిధర్‌కే అయినా చదివింది ఊరంతా. ఐదేళ్ళ కిందట కరోనాకి దేశాల మధ్య దారులు మూసినప్పుడు ఇక్కడివాళ్ళకు అక్కడ చాలామంది పోయారు. ఒకరికి తండ్రి, ఒకరికి తల్లి, ఒకరికి అన్న. ఎవరూ వెళ్ళలేకపోయారు. ఫోనును పంచదార డబ్బాకు ఆనించి కొరివి పెట్టడం చూశారు. సిగ్నలు పోతే అదీ చూడలేదు. తర్వాత పనుల్లో పడ్డారు. దాని గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది లేదు. ఇవాళ టౌరంగాలో కాకి ఉందని తెలియగానే, ఇంట్లో వండింది డబ్బాల్లో సర్దుకుని వచ్చేశారు.

పెరట్లో గడ్డి మీద పేపరు ప్లేట్లు వరసగా పరిచి ఉన్నాయి. కూతురి దగ్గరకు వచ్చిన రిటైర్డు హెడ్మాస్టరు వీరరాఘవయ్య వాటికి పెన్నుతో నంబర్లు వేస్తున్నాడు. మొత్తం పంతొమ్మిది. ఎవరు ముందు పోతే వాళ్ళ ప్లేటు ముందని ఆయన పద్ధతి. సావిత్రి పోయి పన్నెండు రోజులే కాబట్టి ఆమెది పంతొమ్మిదో నంబరు.

లోకేశ్ అభ్యంతరం చెప్పాడు. కాకిని అడిగింది మేము, మాది ముందుండాలి అన్నాడు. పద్దెనిమిది ముట్టేసరికి దానికి కడుపు నిండిపోదా అన్నాడు. వీరరాఘవయ్య కళ్ళజోడు పైనుంచి చూసి, ఐదేళ్ళు ఆగినవాళ్ళున్నారు నాయనా, మీరు పన్నెండు రోజులకే తొందరపడితే ఎలా అన్నాడు. మహిధర్ లోకేశ్ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. అతనికి తండ్రి మాత్ర గుర్తొస్తూనే ఉంది.

అంతలో ఆసుపత్రిలో నర్సుగా చేసే ఆశాజ్యోతి డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. చేతిలో కోడివేపుడు డబ్బా.

"మాకు చర్చిలో ఇవేమీ లేవు అంకుల్. మా నాన్నకి ఇదంటే ఇష్టం. పెట్టొచ్చా?"

కర్మ దగ్గర మాంసమేమిటని ఇద్దరు ముగ్గురు గొణిగారు. వీరరాఘవయ్య పెన్ను పట్టుకుని కొంతసేపు ఆలోచించాడు. చివరకు ఆమె ప్లేటు మూడో నంబరు పక్కన రెండు అడుగుల ఎడంగా పెట్టించాడు. కాకి అక్కడికి వెళ్ళొచ్చాక కడుక్కుని వస్తుందా అని ఎవరో అడిగితే వినపడనట్టు ఊరుకున్నాడు.

వీరభద్రం అందరి మధ్యా తిరుగుతూ తన కాకి సంగతులు చెబుతున్నాడు. తన తల్లి పోయిన నెలకి మొదటిసారి అరిచిందట. తను రోజూ వెనక మెట్టు మీద ముద్ద పెడతాడట, సాయంత్రానికి ఉండదట. తలుపు తీసేసరికి ఎగిరిపోతుందట, సిగ్గు ఎక్కువ. "ఆదివారం మాత్రం ఏడింటికి వస్తుంది. మనకి సెలవని దానికి తెలుసు," అన్నాడు. వంటింటి గుమ్మంలో గారెల పళ్ళెంతో నిలబడ్డ ఆయన భార్య రమామణి ఆ మాటకు తల వంచుకుని లోపలికి పోయింది. ఆమె పొద్దుటి నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదని మహిధర్ గమనించాడు. పనెక్కువై అలసిపోయింది కాబోలనుకున్నాడు.

మూడైంది. కాకి రాలేదు. పిలిస్తే వస్తుందని వీరరాఘవయ్య అన్నాడు. ముందు ఆయనే చేతులు నోటి దగ్గర పెట్టుకుని కావు కావుమన్నాడు. తర్వాత ఇద్దరు కలిశారు. కాసేపటికి పెరట్లో ఉన్న ముప్పై మందీ ఆకాశంలోకి చూస్తూ కావు కావుమంటున్నారు. ఆశాజ్యోతి కూడా అంటోంది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, అయినా మానలేదు.

కంచె మీదుగా పక్కింటాయన తల కనిపించింది. ఎర్రటి మొహం ఉన్న ఈ దేశపు ముసలాయన, చేతిలో చెట్లు కత్తిరించే కత్తెర. అంతా బాగానే ఉందా అని మర్యాదగా అడిగాడు. కాకిని పిలుస్తున్నాం అన్నాడు వీరభద్రం. ఈ చుట్టుపక్కల కాకులు లేవు కదా అన్నాడాయన. వీరభద్రానికి కోపమొచ్చింది. ఐదేళ్ళుగా రోజూ అరుస్తుంటే నీకు వినపడలేదా అన్నాడు.

వినపడకేం, దాంతోనే లేస్తాను అన్నాడు ముసలాయన. అది మీ వంటింటి కిటికీలోంచి వస్తుంది కదా అని కూడా అన్నాడు. అని, ఏదో అనకూడనిది అన్నానేమోనని తల దించుకున్నాడు.

అందరూ కిటికీ వైపు తిరిగారు. కిటికీ వెనకాల రమామణి నిలబడి ఉంది. మెల్లగా చెయ్యి తుడుచుకుని బయటికి వచ్చింది.

"మీరు ఈ మెట్టు మీద కూచునేవాళ్ళు. పనికి వెళ్ళేవాళ్ళు కాదు, నాతో మాట్లాడేవాళ్ళు కాదు. అమ్మకి కాకి ముట్టిందో లేదో అంటూ ఉండేవాళ్ళు. మా తమ్ముడు కాకి అరుపు రికార్డు చేసి పంపాడు. మొదటిరోజు విని లేచి స్నానం చేశారు. ఇక ఆపలేకపోయాను."

"ఆదివారం కూడానా?" అన్నాడు వీరభద్రం.

"ఆదివారం నేనూ ఆలస్యంగా లేస్తాను కదా."

ఆయన మెట్టు మీద కూచున్నాడు. వీరరాఘవయ్య పెన్నుకు మూత పెట్టాడు. రమామణి భర్త పక్కన కూచోవాలా వద్దా అన్నట్టు కాసేపు నిలబడి, చివరకు కూచుంది.

అప్పుడొచ్చాయి సీగల్స్. ముందు ఒకటి వచ్చి ఇంటి కప్పు మీద వాలింది. కోడివేపుడు వాసన దానికి ఎలా తెలిసిందో, మొదట ఆశాజ్యోతి ప్లేటు మీద పడింది. ఆ అరుపుకు రేవు వైపు నుంచి మిగతావన్నీ వచ్చాయి. తెల్లటి రెక్కలు, ఎర్రటి ముక్కులు, ఒకటే గోల. నంబర్లు చూడలేదు, శాకాహారం మాంసాహారం చూడలేదు. కంచె మీద నుంచి ముసలాయన తల మాయమైంది, అవతల నిలిపిన ఆయన కారు మీద రెట్టలు రాలాయి. వీరరాఘవయ్య పైపంచె ఊపుతూ వరసలో రమ్మన్నట్టు ఏదో అన్నాడు గాని, ఒకటి ఆయన చేతిలోంచే గారె లాక్కుపోయింది. రెండు నిమిషాల్లో ఒక్క ప్లేటులోనూ మెతుకు మిగల్లేదు. వంటింటి తలుపు తీసి ఉండటంతో పళ్ళెంలో గారెలు కూడా పోయాయి.

ఎవరూ తరమలేదు. గడ్డి మీద నిలబడి చూస్తూ ఉండిపోయారు. కొందరు తమ ప్లేటు దగ్గరకు వెళ్ళి, ఖాళీగా ఉన్నదాన్ని చేతుల్లోకి తీసుకుని నిలబడ్డారు.

సుబ్బారావు దగ్గర్నుంచి అప్పుడే మళ్ళీ ఫోనొచ్చింది. అంతకుముందు రెండుసార్లు మోగిందని, ఆ గోలలో తను చూసుకోలేదని మహిధర్ గమనించాడు. ఎత్తకుండా ఫోనుకేసి చూస్తున్నాడు. మెట్టు మీద నుంచి వీరభద్రం తల ఎత్తాడు.

"ముట్టిందని చెప్పెయ్యి బాబూ. ఐదేళ్ళు నేను దాంతోనే పనికెళ్ళాను."

మహిధర్ ఫోనెత్తి, "ముట్టింది నాన్నా," అన్నాడు.

"అక్కడ కాకులుండవంటగా," అన్నాడు సుబ్బారావు. "టీ కొట్టు దగ్గర ఎవరో ఫోనులో చూసి చెప్పారు. నువ్వు ఇబ్బంది పడొద్దని చెబుదామని చేస్తుంటే ఎత్తవు."

మహిధర్ గడ్డి మీద చెదిరిన ప్లేట్లకేసి చూశాడు.

"మరి ఏం ముట్టిందిరా?"

"తెల్లవి నాన్నా. సముద్రం మీద తిరిగే పక్షులు. మందగా వచ్చి పడ్డాయి."

"ఎన్ని?"

"నలభై దాకా ఉంటాయి."

"మన ఆకు తిన్నాయా?"

"మనది ఆఖర్న ఉంది. ప్లేటుతో సహా పట్టుకుపోయాయి."

సుబ్బారావు ఊపిరి వినపడుతోంది. "నాకు ఒక్కదాన్ని పంపి వెనక్కి పిలిచేసింది. నీకు నలభై పంపిందా," అన్నాడు. "ఇంకా కోపం పోలేదు దానికి. సర్లే. తిన్నది. అది చాలు."

ఆయన ఫోను కట్టెయ్యకుండా పక్కన పెట్టాడు. కంచం లాక్కున్న చప్పుడు, గరిటె చప్పుడు వినిపించాయి. నమలడం, మధ్యలో ఆగడం, మళ్ళీ నమలడం. మహిధర్ పెరటి మూలకు వెళ్ళి నిలబడి, ఆ చప్పుడు అయిపోయేదాకా ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నాడు. పన్నెండు రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. చివర్న మాత్ర వేసుకున్నానని చెప్పి సుబ్బారావు ఫోను పెట్టేశాడు.

ఇంట్లో తినడానికి ఏమీ మిగల్లేదు. రమామణి బ్రెడ్డు కాల్చి ఆవకాయతో పెడితే ముప్పై మందీ గడ్డి మీదే కూచుని తిన్నారు. పోయినవాళ్ళ కబుర్లు ఐదేళ్ళ తర్వాత మొదటిసారి చెప్పుకున్నారు. ఎవరి తండ్రి ఎలా దగ్గేవాడో, ఎవరి తల్లి పేకాటలో ఎలా దొంగాట ఆడేదో. చీకటి పడిపోవడంతో మహిధర్, లోకేశ్ సముద్రం చూడకుండానే హామిల్టన్ బయలుదేరారు.

సోమవారం ఉదయం వీరభద్రం పోస్టు డబ్బాలో పక్కింటాయన చీటీ ఒకటి ఉంది: వచ్చే ఏడాది కాకి పిలుపులు ఏ రోజో ముందుగా చెబితే, తన కారు లోపల పెట్టుకుంటాడట.