జుబ్కోవ్ ద్వీపం

పెచోరా నది సముద్రంలో కలిసే చోట ఏ జార్ చక్రవర్తీ కొలవలేని నేలను చలికాలం అయ్యేలోగా మ్యాపులోకి ఎక్కిస్తానని సర్వే అధికారి కామ్రేడ్ జుబ్కోవ్ ప్రకటించారు. పాతకాలం వాళ్లు తెలివితక్కువగా వేసవిలో, దోమల మధ్య, పడవల్లో తిరిగేవారు. ఈయన జనవరిలోనే, జింకల బండి దిగకుండా కొలిచేశారు. నీళ్లు ఎక్కడా అడ్డం రాలేదు.

చేపలు పట్టే బ్రిగేడ్‌కు పెద్ద అయిన తైబరే గుడారం ఆయనకు సరిగ్గా నది నడిమధ్యన కనిపించింది. చలికాలంలో అక్కడి నేనెత్సు తెగవాళ్లు నది మీది మంచుకు కన్నం పొడిచి, కింద వల వేసి, పక్కనే కాపురం పెడతారు.

"ఇదేనా తాతా మీ ఊరు?"

"ఇక్కడే ఉన్నాం కదయ్యా! ముందు టీ తాగు, చేప తిను."

అతిథి తిని లేచేదాకా పని మాట ఎత్తకూడదని వాళ్ల ఆచారం. జుబ్కోవ్ గారు తింటూనే ఆ చోటును ద్వీపంగా గీశారు, గీస్తూనే లేచి బండెక్కారు. తైబరే "అయ్యా, ఇది నది" అనేసరికి బండి కనుచూపు దాటిపోయింది.

ద్వీపానికి తన పేరే పెట్టుకున్నారు. వినయం కొద్దీ ఇంటిపేరుతో సరిపెట్టుకున్నారు.

జులైలో, రాబోయే చలికాలానికి పిండి, ఉప్పు తెచ్చిన స్టీమరు నది మధ్యలో లంగరు వేసింది. మంచు కరిగాక గట్టు మీదికి మార్చిన గుడారాల నుంచి తైబరే పడవేసుకుని వెళ్లాడు.

"కెప్టెన్ బాబూ, గట్టుకు రా. మేమంతా అక్కడే ఉన్నాం."

"మ్యాపులో అక్కడ నీళ్లున్నాయి. నీళ్లలో కాపురం ఎలా చేస్తారు?"

"మరి నువ్వెక్కడున్నావ్?"

"జుబ్కోవ్ ద్వీపం మీద."

"స్టీమరు ఊగుతోందే!"

"ఊగితే? గవర్నమెంటు మ్యాపు తప్పని చెప్పి నా ఉద్యోగం ఊడగొట్టుకోనా? ఊరి జనం ఊళ్లో లేరు. సరుకు వెనక్కి!"

స్టీమరు తిరిగిపోతుంటే తైబరే ఉత్త పడవతో గట్టుకొచ్చాడు. గట్టు మీద ఆడవాళ్లు పిండి బస్తాల కోసం చోటు చదును చేసి కూర్చున్నారు. ద్వీపం లేదు, పిండి ఇప్పించండి అని పై అధికారులకు మొరపెట్టుకున్నాడు.

ప్రభుత్వం ఊరుకుంటుందా? కమిషన్ వేసింది. కమిషన్ జనవరిలో, జింకల బండ్ల మీద వచ్చింది. ద్వీపం ఉండాల్సిన చోటే ఉంది. దాని మీద గుడారం ఉంది, పొగ వస్తోంది. ద్వీపం లేదన్న తైబరే స్వయంగా దాని మీదే నిలబడి ఉన్నాడు.

"లేదన్నావేం తాతా? నిలబడింది దేని మీద?"

"మంచు మీదయ్యా! కింద నది. కావాలంటే ఈ కన్నంలోకి చూడండి."

కమిషన్ అధ్యక్షుడు వంగి చూశాడు. "మ్యాపులో ఒక్కటే లోపం," అన్నాడు గుమాస్తాతో. "ద్వీపంలో బావి కూడా ఉంది. రాసుకో."

జుబ్కోవ్ గారికి పతకం సిఫారసు చేసి కమిషన్ బండెక్కింది.

"మరి పిండి?" తైబరే బండి పట్టుకుని ఆపాడు. "మా పిల్లలు రొట్టె మొహం చూడక ఎన్నాళ్లయిందో తెలుసా అయ్యా?"

అధ్యక్షుడు జాలిగా అతని భుజం తట్టాడు.

"జులైలో మళ్లీ స్టీమరు వస్తుంది తాతా. ఈసారి మాత్రం పిల్లాజెల్లాతో సహా అందరూ ఈ ద్వీపం మీదే ఉండండి."