ఆరు కొలువులు, ఒక పుట్టుమచ్చ

ఆ రోజుకి చిట్టి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి బయోడేటా అచ్చు తీయించాలి, పదింటికి బస్సెక్కాలి, పదకొండింటికి పెద్దాస్పత్రి రికార్డుల విభాగంలో ఇంటర్వ్యూకి కూర్చోవాలి. ఇందులో తప్పు జరగడానికి చోటే లేదు. కానీ చీర ఇస్త్రీ చేసుకునే తొందరలో ఆవిడ ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి, కింది వాటాలో ఉండే మేనమామ చేతిలో పెట్టింది. "మామయ్యా, అచ్చుతప్పులేమైనా ఉంటే చూసి, సందు చివర కొట్లో ఒక కాపీ తీయించి పెట్టండి" అంది. అక్కడితో పథకం ఆవిడ చేతుల్లోంచి జారిపోయింది.

మామయ్య ముప్పై ఒక్క ఏళ్ళు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. పిల్లలు బడి మారేటప్పుడు ఇచ్చే టీసీల మీద కొన్ని వేల సంతకాలు పెట్టిన చెయ్యి ఆయనది. ఏ మనిషి గురించైనా ఆయనకి రెండే విషయాలు కావాలి: ఎందుకు మానేశాడు, ప్రవర్తన ఎలాంటిది. చిట్టి బయోడేటాలో ఆ రెండూ లేవు. 'ఒప్పంద ఉద్యోగాలు' అనే శీర్షిక, దాని కింద ఏడేళ్ళలో చేసిన ఆరు కొలువులు, ఎక్కడ ఎన్ని నెలలు, ఏం పని చేసింది, అంతే ఉంది.

"ఏమే, ఏడేళ్ళలో ఆరు చోట్లా? ఇన్ని బళ్ళు మారిన పిల్లని నేనైతే చేర్చుకోను" అన్నాడు మామయ్య.

"అవి మూణ్ణెల్లకీ ఆర్నెల్లకీ తీసుకున్న పనులు మామయ్యా. గడువైపోతే వచ్చేయాల్సిందే. దాచకుండా అన్నీ ఒకే శీర్షిక కింద పెట్టి, ఒప్పందం అని రాసెయ్యమని ఉద్యోగాల శిక్షణలో టీచరమ్మ చెప్పింది."

"గడువైపోయిందని నీకు తెలుసు, నాకు తెలుసు. వాళ్ళకెలా తెలుస్తుంది? గెంటేశారనుకుంటారు."

చిట్టికి లోపల ఉన్న భయమూ అదే. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాయి. ఏడాదికోసారి కొత్త గుమ్మంలో నిలబడి పేరు చెప్పుకోవడం, ఏ బీరువాకి ఏ తాళమో నేర్చుకోవడం, చెయ్యి అలవాటు పడేసరికి తాళాలు అప్పగించి రావడం, ఇదంతా ఆవిడకి విసుగొచ్చేసింది. ఈ ఆస్పత్రి ఉద్యోగం శాశ్వతం. ఇలాంటిది పదేళ్ళకోసారి గానీ ఖాళీ పడదంటారు. పొద్దున్నే వాదన ఎందుకని ఆవిడ స్నానానికి వెళ్ళిపోయింది.

మామయ్యకి చేతులు కట్టుకు కూర్చోవడం చేతకాదు. బయోడేటా చివర 'వివరాలకు సంప్రదించవచ్చు' అని పాత యజమానుల ఫోన్ నంబర్లు ఆరూ ఉన్నాయి. సంప్రదించమని రాసి ఉన్నాక సంప్రదించకపోవడం ఆయన దృష్టిలో బాధ్యత లేకపోవడమే. కళ్ళజోడు తగిలించుకుని వరసగా నొక్కడం మొదలుపెట్టాడు.

మొదట దొరికినవాడు పళ్ళ డాక్టరు. "నేను హెడ్మాస్టర్ని మాట్లాడుతున్నాను. మీ దగ్గర మూణ్ణెల్లు పనిచేసిన అమ్మాయి గురించి విచారణ. ఎందుకు మానేసింది? ప్రవర్తన ఎలా ఉండేది?"

"ఎందుకండీ, ఏమైంది ఆవిడకి?" అన్నాడు డాక్టరు కంగారుగా.

"అది ఇప్పుడు చెప్పకూడదు. పదకొండింటికి పెద్దాస్పత్రిలో తేలుతుంది."

ఫలితం రాకముందు దాని గురించి మాట్లాడకపోవడం మామయ్యకి వృత్తిధర్మం. ఆ ధర్మమే కొంప ముంచింది. పళ్ళ డాక్టరుకి 'విచారణ' ఒక్కటే చెవికెక్కింది, పాపం ఆవిడ మీద ఎవరో నింద వేశారనుకున్నాడు. లైబ్రేరియనమ్మకి 'ఆస్పత్రి' ఒక్కటే చెవికెక్కింది, ఫోను పెట్టేసి ఫ్లాస్కూ దుప్పటీ వెతుక్కుంది. ప్రింటింగ్ ప్రెస్సు యజమానిని "ఆవిడ హయాంలో పొరపాట్లేమైనా జరిగాయా?" అని అడిగేసరికి, రెండేళ్ళ కిందటి క్యాలెండరు గుర్తొచ్చి ఆయనకి చెమటలు పట్టాయి. మిగతా వాళ్ళలో ఇద్దరు ఫోనెత్తలేదు, ఒకాయన ఊళ్ళో లేడు.

సేకరించిన సమాచారంతో మామయ్య ఆ ఒక్క పేజీని టీసీ పద్ధతిలో నాలుగు పేజీలు చేశాడు. దాన్ని అచ్చు తీయించి, కవర్లో పెట్టి, జిగురుతో అంటించి, బస్సు వేళకి మేనకోడలి చేతికిచ్చాడు. "మడతపడుతుంది, అక్కడే విప్పు" అన్నాడు. చిట్టి కాళ్ళకి దండం పెట్టినంత పనిచేసి పరిగెత్తింది.

కవరు విప్పింది ఆస్పత్రి పరిపాలన చూసే పెద్ద మేడమ్. మొదటి పేజీ చదివింది. రెండో పేజీలో ఆగి, కళ్ళజోడు మీదుగా చిట్టిని చూసింది.

"వదిలిన కారణం: పురిటి సెలవు మీద వెళ్ళిన ఆవిడ తిరిగి వచ్చినందున. ప్రవర్తన: సంతృప్తికరం. గుర్తింపు చిహ్నం: ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ" అని పైకి చదివింది. "ఈ పుట్టుమచ్చ మా రికార్డుల గదిలో దేనికి పనికొస్తుందమ్మా?"

చిట్టి అప్రయత్నంగా ఎడమ చేతిని బల్ల కిందకి లాక్కుంది.

"సరే, అది వదిలేద్దాం. ఆరు చోట్ల చేశారు. ఒక్కరూ ఉంచుకోలేదేం?"

ఏ ప్రశ్నకి భయపడి రాత్రంతా దొర్లిందో ఆ ప్రశ్నే వచ్చింది. చిట్టి నోరు తెరిచేలోగా తలుపు తెరుచుకుని కాపలా మనిషి లోపలికి తొంగిచూశాడు. "మేడమ్, ఎవరో పళ్ళ డాక్టరుగారట. ఆవిడ నిర్దోషి అని చెప్పి పోతానంటున్నారు."

వెనకాలే డాక్టరు వచ్చేశాడు, తెల్లకోటు విప్పకుండా. "మేడమ్, మా సొరుగు తాళాలు మూణ్ణెల్లూ ఈవిడ దగ్గరే ఉన్నాయి. ఒక్క పన్ను కూడా పోలేదు."

"పన్ను పోయిందని ఇక్కడెవరన్నారు?" అంది మేడమ్.

అంతలో ప్రెస్సు యజమాని రొప్పుతూ వచ్చి రెండు చేతులూ జోడించాడు. "జూన్ నెలకి ముప్పై ఒకటో తారీకు వేసింది నేనేనండి. మూడువేల క్యాలెండర్లు కట్టలు కట్టేశాక పట్టుకున్నది ఈ అమ్మాయే. నా తప్పుకి ఆవిణ్ణి అడక్కండి."

"సాక్షుల్ని వెంటబెట్టుకొచ్చారా?" అని మేడమ్ చిట్టి వైపు తిరిగింది. ఆ గొంతులో చనువు లేదు. ఇక అయిపోయింది, ఇంటికి వెళ్ళడమే మిగిలింది అనుకుంది చిట్టి. సరిగ్గా అప్పుడు బల్ల మీద ఫోను మోగింది. వింటున్నకొద్దీ మేడమ్ మొహం రంగు మారింది.

"ఎవరో పెద్దావిడ దుప్పటి పట్టుకుని మూడు వార్డులు తిరిగిందట. రోగి కనపడలేదని కింద అడ్మిషన్ల కిటికీ దగ్గర గొడవ చేస్తోందట. మన పుస్తకాల్లో ఆ పేరే లేదట." మేడమ్ బయోడేటా మీది పేరు మళ్ళీ చదివింది. "మా ఆస్పత్రి పోగొట్టుకున్న రోగి పేరూ మీ పేరూ ఒకటే."

చిట్టి ఇంటర్వ్యూ సంగతి మరిచిపోయి లేచింది. వరండా దాటి, మెట్లు దిగి, అడ్మిషన్ల కిటికీ దగ్గరికి పరిగెత్తింది. అక్కడ లైబ్రేరియనమ్మ ఇద్దరు గుమాస్తాల తల ప్రాణం తోకకి తెస్తోంది. చిట్టిని చూడగానే చంకలోని దుప్పటి జారవిడిచి, రెండు చేతులతో ఆవిడ మొహం తడిమింది.

"బతికే ఉన్నావా తల్లీ. ఎవరో హెడ్మాస్టరు ఫోను చేసి ఆస్పత్రి అన్నాడు. ఏ వార్డులోనూ లేవంటే నేనేమనుకోవాలి?"

"నాకేం కాలేదమ్మా. ఉద్యోగానికొచ్చాను. ఆ ఫోను చేసింది మా మామయ్య" అంది చిట్టి. వంగి, జారిపడిన దుప్పటి తీసి మడతపెట్టసాగింది. గడువైపోయిన మర్నాటి నుంచీ తనని ఎవరూ తలుచుకోరనే ఇన్నేళ్ళూ అనుకుంది. ఒకాయన కుర్చీలో రోగిని కూర్చోబెట్టి వచ్చాడు, ఒకాయన యంత్రం ఆపి వచ్చాడు, మోకాళ్ళ నొప్పులున్న ఈవిడ మూడు వార్డులు తిరిగింది. వాళ్ళ ముగ్గురికీ తను ఎంత రుణపడిందో ఆ వరండాలో నిలబడి లెక్క తేల్చుకోలేకపోయింది. మామయ్య మీద రావలసిన కోపం కూడా ఎంత పిలిచినా రాలేదు.

వెనకాల పెద్ద మేడమ్ నిలబడి ఉంది. డాక్టరూ ప్రెస్సాయనా కూడా దిగి వచ్చారు.

"మీ లైబ్రరీలో ఈవిడ ఎన్నాళ్ళు చేసిందమ్మా?" అని అడిగింది మేడమ్.

"ఆరు నెలలకి తీసుకున్నాం. పదకొండు వేల పుస్తకాలకి అంకెలు వేసి, చీటీలు రాసి, నాలుగు నెలల్లో ముగించేసింది. ఇంకా ఉంచుకోడానికి మా దగ్గర పుస్తకాలు లేవు. నెమ్మదిగా చెయ్యమని చెప్పాను కూడా, వినదు."

"నా దగ్గర ఉన్నది ఒక్కటే కుర్చీ. అది పురిటికెళ్ళినావిడది" అన్నాడు డాక్టరు తల గోక్కుంటూ.

మేడమ్ చిట్టిని తనతో రమ్మని ఒక గది తలుపు తీసింది. నేల నుంచి పైకప్పు దాకా పాత రోగుల ఫైళ్ళు. కిటికీ కూడా ఫైళ్ళ వెనక ఎక్కడో ఉండి ఉంటుంది.

"ఇరవై రెండేళ్ళవి. ఇది మీరెంత తొందరగా చేసినా అయిపోదు. సోమవారం నుంచి రండి, శాశ్వతంగానే" అంది.

చిట్టి కళ్ళు తుడుచుకుని, నమస్కారం పెట్టి, గుమ్మం దాటబోతుంటే మేడమ్ మళ్ళీ పిలిచింది. "ఆగండి. ఆ విచారణ చేసిన హెడ్మాస్టరుగారి నంబరు ఇవ్వండి. మిగతా ఖాళీలకి రెండొందల దరఖాస్తులొచ్చాయి. పాత యజమానుల్ని కనుక్కోమంటే మా వాళ్ళకి రెండు నెలలుగా ఒక్కరూ దొరకలేదు. ఆయన గంటలో ముగ్గుర్ని ఇక్కడికి నడిపించారు. నలభై రోజులకి ఒప్పందం మీద తీసుకుంటాను."

మామయ్య ఆ నలభై రోజుల పనినీ పదకొండు రోజుల్లో ముగించేసి, మళ్ళీ ఇంట్లో ఖాళీగా కూర్చున్నాడు.