ముడి లేని పొట్లం

ఆ పొద్దున నటేశన్ నగర్ మీద ఆకాశం బూడిద పెట్టి తోమిన ఇత్తడి పళ్ళెంలా ఉంది. మబ్బు లేదు, ఎండ లేదు. గాలి ఎక్కడో ఆగి ఎవరి కోసమో చూస్తున్నట్టుంది. రోజూ పిట్టగోడ మీద కొట్లాడుకునే కాకుల్లో ఒక్కటీ రాలేదు.

ఆదికేశవన్ వాకిట్లోకి వచ్చి, ఆకాశం చూసి, మూడుసార్లు దగ్గాడు. కరెంటు ఆఫీసులో లైన్‌మాన్ గనక పొద్దున లేవగానే పైకి చూడటం అతనికి ఇరవై ఏళ్ళ అలవాటు. ఆకాశం బాగుంటే స్తంభం బాగుంటుంది, స్తంభం బాగుంటే తను బాగుంటాడు.

చూపు దించుతుండగా ఎదుటి మేడ మీద ఆమె కనబడింది.

జుట్టు విరబోసుకుని ఉంది. కళ్ళ కింద నల్లటి చారలు. ఫోను పెదాలకు ఆనించుకుని, ఎదురుగా ఎవరూ లేకపోయినా ఎవరికో బదులు చెబుతున్నట్టు గొణుగుతోంది. ఎదురింటి శివలింగం కూతురు కళైసెల్వి.

"ఏందయ్యా, వయసొచ్చిన పిల్లను అట్లా చూస్తా నిలబడితివి?" అంటూ అతని భార్య, ఆసుపత్రిలో నర్సుగా చేసే భువనేశ్వరి కాఫీ తెచ్చింది.

"పిల్లా అది? పోయిన ఏడు దాకా పిల్లే. ఇప్పుడు చూడు, కాళ్ళు నేలకు ఆని ఉండాయో లేదో."

"చదువుకునే పిల్లకు కాళ్ళతో ఏం పని? నువ్వు ప్లస్ టూ రెండుసార్లు తప్పినప్పుడు నీ కాళ్ళు బాగానే ఆని ఉండె."

ఆదికేశవన్ కాఫీ తాగాడు. ఆ ఇంట్లో అతను ఎక్కువగా చేసేది అదే.

కళైసెల్వి కాలాపేట దారిలో ఒక పెద్ద ప్రైవేటు స్కూల్లో డిప్లొమా చదువుతోంది. ఇంటరు లాంటి ప్లస్ వన్, ప్లస్ టూలకు బదులు రెండేళ్ళు నడిచే చదువు అది. ఆరు సబ్జెక్టులు, నాలుగు వేల మాటల వ్యాసం, సంఘసేవ. అది చాలదన్నట్టు ఇంకొక పేపరు. 'నీకు తెలిసింది నిజంగా తెలుసని నీకు ఎట్లా తెలుసు?' అని అడుగుతారట అందులో. ఆ ప్రశ్న విన్న రోజు ఆదికేశవన్ ఆఫీసులో ఒక ఫ్యూజును తొమ్మిదిసార్లు పరీక్ష చేశాడు.

ఇప్పుడు ఆ చదువు తన ఇంటి గడప దాకా వచ్చింది. కూతురు ఇలక్కియకు పదో తరగతిలో వచ్చిన మార్కులు చూసి, ఫీజు లేకుండా సీటు ఇస్తామని ఆ స్కూలు వాళ్ళు రాశారు. ఈ రోజు మధ్యాహ్నం ఒంటి గంటలోగా ఫోనులో సరేననో కాదనో నొక్కాలి.

"చేరాల్సిందే," అంది భువనేశ్వరి.

"గవర్నమెంటు స్కూల్లో ప్లస్ వన్ ఉండాది గదా? రాత్రిళ్ళు హాయిగా నిద్రపోయే చదువు."

"నిద్రపోయే చదువు చదివినోడిని చూస్తానే ఉండా, పద్దెనిమిది ఏళ్ళుగా."

అప్పుడు ఆదికేశవన్ బుర్రలో దీపం వెలిగింది. అతని బుర్రలో దీపం వెలిగిన ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి కాలిపోయింది. ఆ సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు.

"మనం కొట్లాడుకోవడం ఎందుకే? మా అమ్మను అడిగేద్దాం."

అమ్మ పట్టమ్మాళ్ పోయి మూడేళ్ళయింది. ఆమె బతికున్నన్నాళ్ళూ సాయంత్రాలు బీచి దగ్గర ఆకు పొట్లాల్లో సుండల్ గుగ్గిళ్ళు అమ్మేది. పొట్లానికి ఏనాడూ దారం చుట్టలేదు, ముడి వేయలేదు. కొబ్బరి ఈనెపుల్ల ఒకటి గుచ్చేది. "ముడి వేస్తే మాట చిక్కుపడతాది" అనేది. ఇప్పుడు పటంలో కూర్చుని, చిన్న బల్బు వెలుగులో, అమ్మకం లేని రోజు ముఖం పెట్టుకుని అందరినీ చూస్తుంటుంది.

పెద్ద విషయం ఏదైనా పువ్వు అడిగి తేల్చుకోవడం ఆ వంశంలో ఆచారం. రెండు ఆకు పొట్లాలు కడతారు. ఒకదాంట్లో తెల్ల నందివర్ధనం, ఇంకొకదాంట్లో అరళి అనే ఎర్ర గన్నేరు. పెద్దల పటం ముందు పెట్టి, బిడ్డ చేత ఒకటి తీయిస్తారు. తెలుపు వస్తే సరే, ఎరుపు వస్తే వద్దు. తీయని పొట్లం విప్పకూడదు, అట్లాగే నీళ్ళలో వదలాలి. ఆ ఆఖరి నియమం పెట్టిన పెద్దలకు ఆదికేశవన్ మనసులో చేతులెత్తి మొక్కాడు.

ఇంట్లో వంట ముగిసి పదకొండయ్యాక పెరట్లోకి పోయి పొట్లాలు కట్టాడు. రెండింట్లోనూ ఎర్ర అరళే పెట్టాడు. పటం ముందు ఉంచి, అమ్మ ముఖం చూడకుండా స్నానానికి పోయాడు.

తిరిగి వచ్చేసరికి ఇలక్కియ తల తడిగా, చేతులు కట్టుకుని పటం ముందు నిలబడి ఉంది. ఎక్కువ మాట్లాడే పిల్ల కాదు. తండ్రి చేతుల్ని చూసింది, తల్లి చేతుల్ని చూసింది. ఒక పొట్లం తీసి విప్పింది.

తెల్ల నందివర్ధనం.

ఆదికేశవన్‌కు స్నానం చేసిన ఒళ్ళు మళ్ళీ తడిసింది.

"ఏందయ్యా, అట్లా పాలిపోతివి?" అంది భువనేశ్వరి.

ఏం చెబుతాడు? రెండూ ఎర్రవే పెట్టినానే అంటే దొంగ అవుతాడు. చెప్పకపోతే, మూడేళ్ళ కింద పోయిన మనిషి ఆకు విప్పకుండానే లోపలి పువ్వు రంగు మార్చిందని ఒప్పుకోవాలి. పటం వైపు చూశాడు. అమ్మ కొంచెం ముందుకు వంగినట్టు అనిపించింది.

"మూడుసార్లు అడగాల," అన్నాడు. "మా అమ్మ ఏదైనా మూడుసార్లు అడిగించుకునే చెప్తాది."

"అది నిజమే. సుండల్ గూడా మూడుసార్లు అడిగితేనే పెట్టేది," అంది కోడలు.

రెండోసారి కూడా రెండూ ఎర్రవే కట్టాడు. ఈసారి కదల్లేదు. పటానికి ఎదురుగా బాసింపట్టు వేసుకుని రెప్ప వేయకుండా కూర్చున్నాడు.

ఫ్యాను ఆగిపోయింది. పటం దగ్గరి బల్బు ఆరిపోయింది. పట్టపగలు ఆ గదిలో ఒక మూల నుంచి నీడ లేచి వచ్చి పక్కన కూర్చున్నట్టయింది. బయట వీధిలో మాత్రం ఎవరి ఇంట్లోనో మిక్సీ తిరుగుతూనే ఉంది. అంటే కరెంటు పోయింది తన ఇంట్లో మాత్రమే.

ఇరవై ఏళ్ళ ఉద్యోగం అతన్ని లేపి మీటరు పెట్టె దగ్గరికి తీసుకుపోయింది. ఫ్యూజు కాలిపోలేదు. ఎవరో పీకి, తుడిచి, పెట్టె మీద పద్ధతిగా పెట్టి ఉన్నారు.

"అమ్మా," అన్నాడు గాలిలోకి, "నీకు ఫ్యూజు పీకడం ఎవరు నేర్పినారు?"

ఎదుటి మేడ మీద కళైసెల్వి గొణుగుడు ఆపి అతన్నే చూస్తోంది.

ఫ్యూజు పెట్టి లోపలికి పరుగెత్తాడు. ఇలక్కియ పొట్లం విప్పింది. తెలుపు.

"రెండుసార్లు వచ్చె. ఇంకేం, నొక్కేయ్," అంది భువనేశ్వరి.

"మూడుసార్లని నైనా అనె గదమ్మా," అంది ఇలక్కియ. ఆ పొద్దున ఆ పిల్ల నోరు తెరవడం అదే మొదలు.

ఆదికేశవన్ మళ్ళీ పెరట్లోకి పోయాడు. 'అమ్మా, తెలిసిపోయిందే. నీకు తెల్లదే కావాల. తీసుకో, నన్ను వదిలేయ్' అనుకుంటూ ఈసారి రెండింట్లోనూ నందివర్ధనమే పెట్టాడు. పటం ముందు పెట్టి చెంపలు వేసుకున్నాడు. మంచినీళ్ళకు వంటింట్లోకి పోయి రెండు చెంబులు తాగి వచ్చాడు.

అప్పటికి ఇలక్కియ పటం ముందుంది. "ఇద్దరూ పోయి కాళ్ళు కడుక్కొని రాండి. అవ్వకు మట్టి కాళ్ళు పడవు," అంది.

పోయారు. కడుక్కున్నారు. వచ్చారు.

పిల్ల పొట్లం విప్పింది.

ఎర్ర అరళి.

"అదెట్లా!" భువనేశ్వరి గుండె మీద చెయ్యి వేసుకుంది. "రెండూ తెల్లవే పెట్టినానే నేను!"

"నేను గూడా రెండూ తెల్లవే గదే పెట్టినా!" అని అరిచాడు ఆదికేశవన్.

మొగుడు పెళ్ళాన్ని చూశాడు. పెళ్ళాం మొగుణ్ణి చూసింది.

"నువ్వు పెట్టినావా?" అన్నాడు ఆదికేశవన్.

"నువ్వు రెండూ తెల్లవి పెట్టినావా? అట్లంటే ముందు రెండుసార్లు ఏం పెడితివి?"

"ఫ్యూజు పీకింది నువ్వేనా!"

"లైన్‌మాన్ పెళ్ళాన్ని. ఆ మాత్రం తెలియదా?"

"నేను చచ్చిపోయిన అమ్మకు చెంపలు వేసుకొని చస్తా ఉంటే..."

"వేసుకుంటివి గదా, మంచిదే. బతికున్నప్పుడు ఒక్కరోజు వేసుకొన్నావా?"

"ఆపండి," అంది ఇలక్కియ.

ఆగారు.

"నైనా కట్టేది స్తంభం మీద తీగ చుట్టినట్టు రెండు చుట్లు, ఒక బిగింపు. పెరట్లో కడతా ఉంటే చూసినా. నేను విప్పిన రెండు పొట్లాలకూ అది లేదు. కొసలు లోపలికి మడిచిన కట్టు ఉండె. కదిర్కామం ఆసుపత్రిలో దెబ్బలు తగిలినోళ్ళకు అమ్మ కట్టేది ఆ కట్టే. ఒకరు పెడతా ఉండారు, ఒకరు మారుస్తా ఉండారు అనిపించె. అనిపిస్తే చాలునా? తెలియాల గదా. అందుకే మూడోసారి అమ్మ పెట్టిన రెండూ తీసేసి, నేనే రెండూ ఎర్రవి పెట్టినా. మీ నోళ్ళే చెప్పేసె."

ఆదికేశవన్ నేల చూశాడు. ఇంకా చేరనే లేదు, ఆ 'ఎట్లా తెలుసు' పేపరు పిల్ల అప్పుడే పాసయిపోయింది.

"ఎందుకు నైనా ఇట్లా చేస్తివి?" అంది పిల్ల.

"ఆ ఎదురింటి పిల్లను చూస్తివి గదా. నిద్ర లేదు, నవ్వు లేదు, గాలితో మాట్లాడతాది. నువ్వు గూడా రెండేళ్ళకు అట్లా అయిపోతే, ఇంట్లో నాతో మాట్లాడేదానికి ఎవరుండారు?"



"కళైసెల్వి అక్క గాలితో మాట్లాడలేదు నైనా. వ్యాసం రాస్తా ఉండాది. మన వీధిలో పొద్దున వినపడే చప్పుళ్ళ మీద. ఫోనులో రికార్డు చేసుకుంటాది, తరవాత టైము చెప్పుకుంటాది. నీ దగ్గు గూడా ఉండాది అందులో. అయిదు నలభైకి మూడుసార్లు. ఇన్ని నెలల్లో ఒక్కరోజు తప్పలేదంట."

ఏడాదిగా తను ఆమెను చూసి భయపడుతున్నాడు. ఏడాదిగా ఆమె తనను రాసుకుంటోంది. ఆదికేశవన్ మెడ మీద ఎవరో తడి వేలు పెట్టినట్టయింది.

"చచ్చిపోయిన అవ్వను మూడుసార్లు అడిగితిరి," అంది ఇలక్కియ నెమ్మదిగా. "బతికుండే నన్ను ఒక్కసారి అడగలేదు."

గోడ గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది.

ఆదికేశవన్ కూతురి వైపు తిరిగాడు. "సరే. అడగతా ఉండా. నీకు ఇష్టమేనా అమ్మా?"



"భయంగా ఉండాది నైనా. అయినా చేరతా. రోజూ రాత్రి అన్నం నీ పక్కన కూచొనే తింటా. మాట్లాడకపోయినా కూచొంటా."

ఫోను తీసి నొక్కింది. అయిపోయింది. ఇంత పెద్ద విషయం అంత చిన్న చప్పుడుతో అయిపోతుందని ఆదికేశవన్ అనుకోలేదు.

"ఈ మిగిలింది పారేసి వస్తా. దీంట్లో గూడా ఎర్రదే, నేను పెట్టిందే," అంటూ ఇలక్కియ పటం ముందున్న రెండో పొట్లం అందుకుంది. అందుకున్న చెయ్యి అక్కడే ఆగింది.

"ఏంది?"

"ఇది నాది గాదు నైనా."

దానికి దారం లేదు. ముడి లేదు. ఆకు నాలుగు వైపులా మడిచి, నడుమ ఒక ఈనెపుల్ల గుచ్చి ఉంది.

"భువనా?" అన్నాడు ఆదికేశవన్.

"నీతోనే గదయ్యా కాళ్ళు కడుక్కొంటా ఉంటిని. నువ్వా?"

"మా అమ్మ మీద ఒట్టు." అని, ఆ ఒట్టు ఎవరి మీద వేశాడో గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

ఇలక్కియ పుల్ల తీసింది. ఆకు విచ్చుకుంది.

తెల్ల నందివర్ధనం. నీటి చుక్క ఇంకా ఆరలేదు.

నీకు తెలిసింది నిజంగా తెలుసని నీకు ఎట్లా తెలుసు? ఆ ప్రశ్న ఇప్పుడు ఎవరూ అడగలేదు. పిల్ల కూడా అడగలేదు. పువ్వును తీసి పటం మీద పెట్టింది. పట్టమ్మాళ్ అమ్మకం బాగా జరిగిన రోజు ముఖంతో ఉంది.

భువనేశ్వరి ఎవరూ చెప్పకుండానే నాలుగు ఆకులు వేసింది. నాలుగోది పటం ముందు. ఉల్లిపాయ సాంబారు, బీన్స్ వేపుడు, అప్పళాలు. ముగ్గురూ వరుసగా కూర్చున్నారు, ఇలక్కియ తండ్రి పక్కన. పిట్టగోడ మీదికి ఎప్పుడు వచ్చాయో, కాకులు బారు తీరి ఉన్నాయి. ఒక్కటీ అరవడం లేదు.

అన్నం కలిపారు. తిన్నారు. అమ్మ తినే వేళ అప్పళం విరిస్తే చప్పుడవుతుందని ఆదికేశవన్ దాన్ని సాంబారులో నానబెట్టి మింగాడు.

కిటికీలోంచి చూస్తే, ఎదుటి మేడ మీద కళైసెల్వి ఫోను ఈ ఇంటి వైపు చాచి పట్టుకుని నిలబడి ఉంది. ఆదికేశవన్‌కు దగ్గు వచ్చింది. ఆపుకున్నాడు.