వెయ్యి సీసీల వీరుడు గేటు దాటిన వైనము

స్వస్తి! ఒకానొక ఆదివారమున, నగరవాసులలో సగము మంది నిద్రలోను మిగిలిన సగము ఫోనులోను మునిగియున్న పూర్వాహ్ణ శుభవేళ, అయిదంతస్తుల భవనరాజమునకు పాతాళలోకమై, సెల్లారు అను పేర ప్రసిద్ధమై, కార్ల నుండి కారిన నూనె మరకలతో చిత్రవిచిత్రమైన సిమెంటు నేలపై, లిఫ్టు ద్వారమునకు ఎదుటనే యున్న, బండ్లు నిలుపు గడిలో, అరుణకాంతివిరాజితము, వాయువేగగర్వితము, వెయ్యి సీసీల గుండె గలదియునగు ఒక మహాద్విచక్రవాహనము దుమ్ముపట్టిన దుప్పటి కప్పుకొని నిలిచియుండెను. నిలిచియుండెననగా నిజముగా నిలిచియే యుండెనని అర్థము. కడచిన వానాకాలము నుండి అది అంగుళము కదలలేదు.

దాని ప్రభువు కళ్ళజోళ్ళ వ్యాపారి. బజారులో ఆయన ఉపనేత్రవిక్రయధురంధరుడు, మందదృష్టిజనోద్ధారకుడు, వందమంది ముక్కుల కొలతలు చూపుతోనే చెప్పగల ధీశాలి. ఇంటిలో మాత్రము ‘ఏవండీ’.

ఆహా, ఏమి రోజులవి! ఒకప్పుడు ఆదివారము తెల్లవారెనా, ‘డేగల దండు’ అను వీరసమూహము ఇటువంటి మహావాహనముల నధిరోహించి, వీధివీధినా కిటికీ అద్దములు గజగజలాడునట్లు గర్జించుచు, నిద్రాభంగమైన గృహస్థుల తిట్లనే జయజయధ్వానములుగా స్వీకరించుచు, ఊరి వెలుపలి టీ దుకాణముపై దండెత్తి, తలకొక టీ తాగి తిరిగి వచ్చెడిది. అంతే. అంతకు మించి ఆ దండయాత్రకు వేరు ప్రయోజనము లేదు, ఉండవలెనని ఎవరును కోరలేదు.

నేడా దండు ఏమైనది? దంతవైద్యుడు వెన్నుపూస జారి నేలకొరిగెను. నేలకొరుగుటయనగా, పరుపు పనికిరాదని డాక్టరు చెప్పగా చాప మీద పడుకొనుచున్నాడు. బ్యాంకు మేనేజరుకు కవలలు పుట్టిరి. అరచేతి వెడల్పు వెనుక సీటుపై కవలలు పట్టరు, కవలల తల్లి ససేమిరా ఎక్కదు, కనుక ఆయన కారు కొనెను. ఇక దండనాయకుడున్నాడే, ప్రాణములైన విడిచెదను గాని బండి విడువనని బల్ల గుద్దిన మహానుభావుడు, సీటు కింద హెల్మెట్టును ముందు కొక్కెమునకు కూరల సంచియు పట్టునట్టి బుల్లి కరెంటు స్కూటరు కొని, ‘ఎంత సుఖంగా ఉందిరా బాబూ!’ అని గ్రూపులో ఫొటో పెట్టి శత్రుపక్షమున చేరెను. పెద్ద బండ్లమ్మిన అద్దాల షోరూములో ఇప్పుడు సోఫాలు అమ్ముచున్నారు. కుర్రకారు సంగతి చెప్పనే అక్కరలేదు. ఒకనాడు ఏ బండిని చూచి వారి అన్నలు నోళ్ళు వెళ్ళబెట్టిరో, ఆ బండినే చూచి వీరు ‘అంకుల్ బండి’ అని నవ్వి పోవుచున్నారు. చెప్పుటకే నాకు కడుపు తరుక్కుపోవుచున్నది.

ఇట్టి గడ్డు కాలమున, అపార్ట్‌మెంట్ సంఘ కార్యదర్శి, విశ్రాంత లెక్కల మాస్టరు, కరుణాలేశమెరుగని నియమపాలకుడు, లిఫ్టు వద్ద మన వీరుని నిలిపి శాసించెను.

“లిఫ్టు ముందు గళ్ళు తిరిగే బళ్ళకేనండీ, బొమ్మలకి కాదు. ఆదివారం పన్నెండు లోపల మీ బండి దానంతటది గేటు దాటి, దానంతటది తిరిగొచ్చి నిలబడితే గడి మీది. లేదంటే వెనక మూలకి నెట్టించేస్తా. తర్వాత నన్ననకండి.”

వెనుక మూల! పైపు నుండి నీటిచుక్కలు రాలుచుండ, కాలు విరిగిన కుర్చీలును, ఎవరో కొత్త మోజున కొని నాలుగడుగులు నడిచి వదలిన వ్యాయామ యంత్రమును శయనించిన ఘోరస్థలమది. అక్కడికి చేరిన వస్తువు పాతసామాన్ల వాని తోపుడుబండి ఎక్కుటయే గాని, మరల లిఫ్టు ముఖము చూచి ఎరుగదు.

ఆదివారము రానే వచ్చెను. వీరుడు వంటింటి గుమ్మమున నిలిచి, సహధర్మచారిణి ఎదుట మనోవేదికపై ఇట్లు ఘోషించెను: “ఓ గృహసామ్రాజ్ఞీ! నేడు నేను గడిని గెలిచి వచ్చెదను, లేదా ఆ గడిలోనే గతించెదను! స్కూటరుసేనాసముద్రమధ్యమున ఏకాకినై మిగిలిన ఈ కడపటి డేగ, రెక్క ముడుచుకొని మూల కూర్చుండుట కల్ల! దీవించి పంపుము!”

పైకి మాత్రము, “కిందికెళ్ళొస్తా,” అనెను.

బడిలో పిల్లలకు పాఠములు చెప్పు ఆ ఇల్లాలు పొయ్యి ఆర్పి వెనుదిరిగెను. “నడుం బెల్టు పెట్టుకున్నారా?”

“పెట్టుకుంటే దాని మీద జాకెట్ పట్టట్లేదు.”

అంతట కవచధారణము మొదలాయెను. చర్మనిర్మితము, భుజాగ్రకఠినము, పూర్వశరీరప్రమాణానుసారియునగు ఆ జాకెట్టు జిప్పు, ఉదరపర్వతపాదము వరకు ఉత్సాహముగా ఎగబాకి, అక్కడ చతికిలబడెను.

“ఊపిరి బిగబట్టండి.”

“బిగబట్టా.”

“ఇంకా.”

“ఇంకా బిగబడితే పోతానే!”

“ఆ మాటలొద్దు,” అని ఆమె మోకాలు గోడకు తన్నిపెట్టి ఒక్క లాగు లాగెను. జిప్పు మెడ దాకా చేరెను. వీరుని ముఖము బండి రంగుకు తిరిగెను.

సెల్లారులో అప్పటికే సభ కూడియుండెను. కార్యదర్శి చేతి గడియారమును చూచుచుండెను. మూడవ అంతస్తు బామ్మగారు కుర్చీ వేయించుకొని మరీ కూర్చుండెను. వాచ్‌మన్ గేటు బార్లా తెరిచి, నాకెందుకులెమ్మని దూరముగా నిలిచెను. వీరుడు దుప్పటి తొలగించి, దుమ్మునకు తుమ్మి, కుడికాలును అతికష్టముపై సీటు దాటించి, బండిపై వాలి, తాళము తిప్పి, స్టార్టు బొత్తాము నొక్కెను.

నిశ్శబ్దము.

మరల నొక్కెను. వాహనము ఉలకలేదు, పలకలేదు.

“పెట్రోలు పోయించావా నాయనా?” అని బామ్మగారు అడిగెను.

“పోయించానండీ.”

“బ్యాటరీ అయ్యుంటుంది సార్,” అని వాచ్‌మన్ దూరము నుండి.

“నిన్న సాయంత్రమంతా ఛార్జింగ్ పెట్టానయ్యా!”

“టైమవుతోంది,” అని కార్యదర్శి. ఆయనకు వేరు మాట రాదు.

వీరుని చెమట హెల్మెట్టులో ఏరులై పారెను. ఆయన ట్యాంకును కౌగిలించుకొని అంతరంగమున మొరపెట్టుకొనెను: “ఓ అశ్వసహస్రసమానబలా! ఎండలో నిన్ను నీడకు నడిపితిని, వానలో నా గొడుగు నీకు పట్టితిని, నిన్ను తుడిచినట్లు నా ముఖమైన తుడువలేదు గదే! ఈ సభలో నా పరువు తీయుట నీకు న్యాయమా?” పైకి వచ్చిన మాట, “ఛీ, దీనమ్మ కడుపు మాడ!”

అప్పుడు లిఫ్టు తెరుచుకొని ఇల్లాలు వచ్చెను. ఒక్క క్షణము చూచి, దగ్గరకు వచ్చి, చెవిలో చెప్పునట్లు చెప్పెను.

“ఏవండీ, ఆ ఎర్ర స్విచ్చు.”

“ఏ ఎర్ర స్విచ్చు?”

“ప్రతి ఆదివారం ఎవరూ లేకుండా చూసి వచ్చి, దీని మీద ఎక్కి, కళ్ళు మూసుకుని అటూ ఇటూ వంగుతారుగా. అయ్యాక విమానం దింపినట్టు ఆ ఎర్రది టక్కున ఆపేసి దిగుతారు. అది ఆపేసే ఉంది చూడండి.”

వీరుడు తల వంచి చూచెను. ఇంజనును చంపు ఆ ఎర్రమీట నిజముగనే ఆపియుండెను. ఇంజనే నడవని బండికి ఇంజను ఆపు ముచ్చట తీర్చుకొన్నవాడు ఈ భూప్రపంచమున వేరొకడుండడు గదా! కాని ఆయనను కాల్చివేసిన సంగతి అది కాదు.

“నువ్వు చూశావా?”

“నా స్కూటర్ ఛార్జింగుకి వస్తాగా. చూసీ చూడనట్టు వెళ్ళిపోతా. ముందు నొక్కండి.”

నొక్కెను! అంతట సెల్లారు దద్దరిల్లెను, స్తంభములు కంపించెను, దుమ్ము మేఘమై లేచెను, నిలిపియున్న కార్లన్నియు బెదిరి తమ తమ అలారములతో కుయ్యో మొర్రో అని గోలపెట్టెను. కార్యదర్శి చెవులు మూసికొనెను. బామ్మగారు మాత్రము, “అబ్బో! ప్రాణముందే దీనికి!” అని చప్పట్లు కొట్టెను. మహావాహనము ఏటవాలు బాటను ఒక్క ఉరుకున ఎక్కి గేటు దాటెను.

దాటెను సరే, తిరిగి రావలదా? అక్కడున్నది అసలు తిరకాసు. ఈ జాతి వాహనములు ముందునకు దూకుటకే పుట్టినవి. హ్యాండిలు రవ్వంత తిరిగి అక్కడే బిగుసుకొనును. వెనుకకు నడచు గేరు లేదు. వీధి ఇరుకు, వీధి చివర రోడ్డు తవ్విపోసి యుండెను. అందువలన, గంటకు మూడువందల కిలోమీటర్ల వేగమునకై సృష్టింపబడిన ఆ వాహనమును, వీరుడు మునివేళ్ళతో నేలను తన్నుకొనుచు, గోడ దాకా ముందుకు, కాలువ దాకా వెనుకకు, మరల ముందుకు, మరల వెనుకకు, పసిపిల్ల ఊయలవలె ఊపసాగెను. ఇంజను వేడికి తొడలు మాడుచుండెను. ఒక కాలేజీ అమ్మాయి స్కూటరుపై వచ్చి, “అంకుల్, కొంచెం జరుగుతారా?” అని, ఆ సందులోనే గిర్రున తిరిగి, వచ్చిన దారినే పోయెను.

ఆ ‘అంకుల్’ తగిలిన చోట వీరునికి రోషము పుట్టెను. పండ్లు బిగించి, నడుము బిగించి, నడుములో ఏదో కలుక్కుమన్నను లెక్కచేయక, ఒక్క పెట్టున వెనుకకు నెట్టెను. ముందుచక్రము గేటు వైపు తిరిగెను. వాహనము బాట దిగి, అలారముల రోదనముల నడుమ, తన గడిలో వచ్చి నిలిచెను.

కార్యదర్శి గడియారము చూచి, నిట్టూర్చి, “సరే. టైములోనే వచ్చారు. గడి మీదే,” అని ఒప్పుకొనెను. బామ్మగారు మరల చప్పట్లు కొట్టెను. వీరుడు హెల్మెట్టు అద్దమెత్తి చిరునవ్వు నవ్వెను. నవ్వుచునే యుండెను. దిగలేదు.

ఇల్లాలు కనిపెట్టెను. “మీరందరూ వెళ్ళండి. ఇంజను చల్లారేదాకా ఆయన దాని మీదే కూర్చోవాలట, కంపెనీవాళ్ళు చెప్పారు,” అని అందరిని సాగనంపెను. సెల్లారు ఖాళీ ఆయెను.

“దిగలేకపోతున్నానే. నడుం పట్టేసింది.”

“తెలుస్తూనే ఉంది.”

వీరుడు ట్యాంకు మీది దుమ్మును అరచేత తుడిచెను. ఈమారు మనసులో ఏ ఘోషయు లేదు, మాట నేరుగా నోటికే వచ్చెను. “నన్ను చూసి నవ్వుకున్నావు కదా, ఇన్నాళ్ళూ? నాకు భయమేసిందే. ఇది ఆ మూలకి పోతే నేనింకేం మిగిలాను? కళ్ళజోళ్ళ షాపాయన్ని. అంతే.”

“నేను పెళ్ళి చేసుకుంది ఆ కళ్ళజోళ్ళ షాపాయన్నే,” అని ఆమె హెల్మెట్టు ఊడదీసెను. “అప్పటికి ఈ బండీ లేదు, ఈ పొట్టా లేదు. నవ్వడానికి కాదు, పడిపోతారేమోనని చూసేదాన్ని. చెయ్యి ఇలా వేయండి.”

లోకులారా, వినుడు! అంతట ఆ ఉపనేత్రవిక్రయధురంధరుడు, తిరోగమనవిజేత, అవశిష్టైకడేగ, ఎడమ చేయి ఊని, పండ్లు కొరికి, ‘అమ్మా’ అని ముమ్మారు స్మరించి, తన దక్షిణపాదమును పైకెత్తెను. అది సీటు అంచున చిక్కుకొనెను. విడివడెను. వెనుక దీపమును రాచుకొనుచు, అవరోధములనెల్ల అధిగమించి, ఇవతలి నేలను తాకెను! జయము! జయము! ఆ వీరుడు తన బండి తాను దిగెను. నడుమ ఒక భుజము సాయమున్నదను మాటను కవి చెప్పలేదనుకొనుడు, మీరు విననూలేదు.