ఇరవై నిమిషాల ఎండ

సూర్యుడు వేసిన వెలుతురుకి సినిమా చివర తన పేరు వేసుకోవడం న్యాయమేనా అని కెమెరామన్‌కి ఏళ్ల తరబడి ఒక సందేహం. ఆయన తీసేవన్నీ చిన్న సినిమాలు. లైట్లు అద్దెకు తెచ్చే స్తోమత లేక దేవుడిచ్చిన ఎండతోనే నెట్టుకొస్తున్నాడు. పొద్దున్నే తూర్పుకు దణ్ణం పెట్టేది భక్తితోనో, అవసరం కొద్దీనో ఆయనకే తెలియదు.

ఆ రోజు ఆఖరి షాట్. కథలోని ముసలితల్లి తనకోసం వచ్చిన మనుషుల్ని చాన్నాళ్లకి చూడాలి. ఆవిడ కనబడేది ఆ ఒక్క షాట్‌లోనే. నటికి ఆ పూట తప్ప ఖాళీ లేదు. కెమెరామన్ ఇంటి ముందుగదిలో ఎనిమిదింటి నుంచి ఇరవై నిమిషాలే ఎండ. అది తప్పితే ఏడాది కష్టం మట్టిపాలే.

తెల్లవారుతూనే మంచం, బీరువా, కుర్చీలు వీధిలోకి, దర్శకుడు గదిలో ఒక మూలకి చేరారు. ఎండ తగిలి మొహం మీదికి మెత్తగా తిరిగొస్తుందని కెమెరామన్ కిటికీకి ఎదురుగా తెల్లదుప్పటి కట్టాడు. నటి వచ్చేలోగా వెలుతురు సరిచూసుకోవడానికి అత్తగారిని కూర్చోబెట్టాడు.

"కదలకండి అత్తయ్యగారూ."

"ఊపిరి తీసుకోవచ్చా బాబూ?"

"కొంచెం."

ఆవిడ మాట తప్పే మనిషి కాదు. రెండు నిమిషాల్లో నిద్రపోయింది.

వీధిలో సామాను చూసి పక్కింటావిడ తొంగిచూసింది. "పెద్దావిడకి ఏమైంది?"

కెమెరామన్ భార్య పెదవుల మీద వేలు పెట్టింది. "ష్! పలకరించకండి. ఎనిమిదింటిదాకా ఇలా ఉంటే చాలు. ఆపైన ఇరవై నిమిషాలే!"

"అయ్యో, అంతేనా!"

కబురు వీధంతా పాకింది. దర్జీ మూలనున్న ఆస్పత్రికి పరిగెత్తాడు. మోయడానికి పనికొస్తుందని ఇద్దరు తెల్లదుప్పటి ఊడపీకారు. అప్పుడే కారు దిగిన నటికి, "పెద్దావిడ ఇక దక్కదమ్మా," అని చెప్పారెవరో. ఇలాంటప్పుడు షూటింగేమిటని ఆవిడ కళ్లు తుడుచుకుంటూ అదే కారెక్కి వెళ్లిపోయింది.

"అయిపోయింది! అంతా అయిపోయింది!" కెమెరామన్ నెత్తి బాదుకున్నాడు.

"అల్లుడంటే ఇలా ఉండాలి," అంది పక్కింటావిడ, ముక్కు చీదుతూ.

ఎనిమిదయింది. ఎండ పడింది. తెల్లకోటు డాక్టరు, వెనక ఇద్దరు నర్సులు వచ్చి సరిగ్గా దుప్పటి ఉండాల్సిన చోట నిలబడ్డారు. ఆ బట్టల మీద తగిలిన ఎండ అత్తగారి మొహం మీద వెన్నెల్లా పరుచుకుంది. కెమెరామన్ చెయ్యి దానంతట అదే కెమెరా మీదికి పోయింది.

డాక్టరు ముందుకు వంగి నాడి పట్టుకోగానే ఆవిడ కళ్లు తెరిచింది. గుమ్మం నిండా వీధి మొహాలే.

"నాకోసమేనా ఇంతమంది?" అంది. కళ్లు చెమర్చాయి.

మూల నిలబడ్డ దర్శకుడు కట్ చెప్పడం మరిచిపోయాడు. "ఈవిడేనండీ మన తల్లి," అన్నాడు.

కెమెరామన్ ఎండకీ, తెల్లకోట్లకీ, పరిగెత్తుకొచ్చిన వీధికీ కలిపి ఒకటే నమస్కారం పెట్టాడు.

తన పెళ్లిలో ఫోటోకి తానే కెమెరా అమర్చి, పరిగెత్తుకెళ్లి నిలబడిన హడావిడిలో, ఆయన అత్తగారి తల కోసేశాడు. ఆ సంగతి ఇరవై రెండేళ్లుగా ఆవిడ ఎత్తనేలేదు, వారానికోసారి తప్ప. ఇప్పుడు కెమెరా వెనక చిన్నతెరలో తన మొహం చూసుకుని, "నిండుగా వచ్చింది బాబూ. నీ బాకీ తీరిపోయింది," అంది.

కొసరుగా డాక్టరుగారి మోచెయ్యి కూడా వచ్చింది.